నిషిద్ధాక్షరి చూపే దారి

అవధానం అంటే మనసు చెదరకుండా నిలపడం. తెలుగు సాహిత్యంలో ఆ మాట, సభలో కూర్చున్న పృచ్ఛకులు, అంటే ప్రశ్నలడిగేవారు, వంతులవారీగా విసిరే చిక్కులకు ఛందోబద్ధమైన పద్యాలతో అప్పటికప్పుడు జవాబిచ్చి, చివరకు ఆ పద్యాలన్నిటినీ కాగితం చూడకుండా ఒప్పజెప్పే ప్రక్రియకు పేరుగా స్థిరపడింది. ఎనిమిది మంది అడిగితే అష్టావధానం, నూరుగురు అడిగితే శతావధానం, వేయిమంది అడిగితే సహస్రావధానం. దీన్ని జ్ఞాపకశక్తికి పరాకాష్ఠగా మెచ్చుకొన్నవారూ ఉన్నారు, మాటల గారడీగా తీసిపారేసినవారూ ఉన్నారు. ఈ రెండు చూపులకూ అందకుండా ఉండిపోయిన సంగతి మరొకటి ఉంది. తెల్లకాగితం ముందు కూర్చుంటే కలం కదలకపోవడం ప్రతి కవికీ ఎప్పుడో ఒకప్పుడు తప్పని ఇబ్బంది. అవధాన సభలో ఆ ఇబ్బందికి దాదాపు చోటే ఉండదు. అందుకు అవధాని ప్రతిభ ఒక్కటే కారణం కాదు, ఆ సభ కట్టుబాట్లే సగం పని చేస్తాయి.

కలం కదలకపోవడానికి భావాలు లేకపోవడం కారణమని సాధారణంగా అనుకొంటారు కాని, చాలాసార్లు సంగతి అందుకు తలకిందులుగా ఉంటుంది. ఏ విషయం మీదనైనా, ఏ మాటతోనైనా మొదలుపెట్టవచ్చన్న స్వేచ్ఛ ఉన్నప్పుడు, ప్రతి మాట వెనుకా అంతకంటె మంచి మాట మరొకటి ఉందేమోనన్న శంక లేస్తుంది. ఆ శంక తీరేలోపల ఉత్సాహం చల్లారుతుంది. అవధానం ఈ స్వేచ్ఛనే ముందుగా తీసేస్తుంది. విషయం ఒకరిస్తారు, వృత్తం మరొకరు చెబుతారు, వాడవలసిన పదాలు ఒకరు, వాడకూడని అక్షరాలు ఇంకొకరు నిర్ణయిస్తారు. అవధానికి మిగిలేది ఇరుకు సందు. ఆ సందులో నడవడమే తప్ప ఏ సందులోకి వెళ్లాలన్న మీమాంస ఉండదు.

నిషిద్ధాక్షరి అనే అంశం ఈ సంగతిని అన్నిటికంటె స్పష్టంగా చూపుతుంది. ఇందులో అవధాని ఒక్కొక్క అక్షరమే పలుకుతూ పద్యం కట్టాలి. ప్రతి అక్షరం తరువాత, రాబోయేది ఇదేనని ఊహించి పృచ్ఛకుడు దాన్ని నిషేధిస్తాడు. రాముని మీద పద్యం అడిగారనుకొందాం. అవధాని ‘శ్రీ’ అనగానే పృచ్ఛకుడు ‘ర’కారాన్ని నిషేధిస్తాడు, ఎందుకంటే ఎవరైనా ‘శ్రీరామ’ అనే అంటారు. అవధాని ‘జా’ అంటాడు. ‘శ్రీజానకీశ’ అన్న సంబోధన అటువైపు కనిపించింది కనుక. పృచ్ఛకుడు మూసేది సాధారణంగా అందరూ నడిచి అరగదీసిన దారినే. ఆ దారి మూతపడ్డందువల్ల, మామూలుగా రాసుకొంటే ఎన్నడూ తట్టని మాట నోటికి వస్తుంది. అడ్డుపడేవాడే ఇక్కడ తోడు నడిచేవాడు అవుతున్నాడు.

దత్తపదిలో ఇదే పని మరో తీరున జరుగుతుంది. ఇచ్చిన నాలుగు పదాలను వాటి ప్రసిద్ధమైన అర్థంలో కాకుండా, కోరిన విషయానికి ఒదిగేలా పద్యంలో పొదగాలి. ‘కారు, బారు, రమ్ము, సారా’ అని ఇచ్చి రామాయణార్థంలో పద్యం చెప్పమంటే సభ నవ్వుతుంది. అవధాని మాత్రం అప్పటికే ఆ మాటలను విరిచి చూస్తూ ఉంటాడు: కారడవిలో మొదటిది, వానరుల బారులలో రెండవది దొరుకుతాయి, ‘రమ్ము’ అంటే కావ్యభాషలో ‘రా’ అనే కదా, సంసారార్ణవంలో నాలుగవది దాగి ఉంది. కొత్తదాన్ని పుట్టించడం కంటె, ఉన్నదాన్ని మరో కోణంలో చూడడమే ఇక్కడ పని. అది నేర్చుకొంటే వచ్చే పని.

సమస్యాపూరణం వీటన్నిటిలోనూ పాతది, జనాదరణ కలది. అసంగతంగానో అనుచితంగానో తోచే ఒక పాదాన్ని పృచ్ఛకుడిస్తాడు. మిగిలిన మూడు పాదాలూ కూర్చి దాన్ని సుసంగతం చేయాలి. ఆటవెలది ఛందంలో ‘పతిని జంపి సతియు పరవశించె’ అన్న పాదం ఇచ్చారనుకొందాం. ఎదురుగా చూస్తే ఇది ఘోరం. అయితే తెలుగు పద్యంలో పాదం చివర మాట ఆగనక్కరలేదు, తరువాతి పాదంలోకి పాకవచ్చు. కాబట్టి మూడవ పాదం ‘అసుర’ అని ముగిస్తే నాలుగవది ‘అసురపతిని జంపి’ అవుతుంది. సతి సత్యభామ, చచ్చినవాడు నరకుడు అని తేలుతుంది. వివరణ కోసం కూర్చిన పూరణ ఇలా ఉంటుంది:

శౌరితోడఁ గూడి సమరమందు నిలిచి
విల్లు నెత్తి చూపి విక్రమంబు
లోకమెల్ల మెచ్చ లోభి యగు నసుర
పతిని జంపి సతియు పరవశించె.

ఇది గొప్ప పద్యం కాదు. పోతన భాగవతంలో నరకుని తల తెంచింది కృష్ణుడే కదా అని పృచ్ఛకుడు ఆక్షేపించవచ్చు కూడా, అందుకే ‘శౌరితోడఁ గూడి’ అన్న జాగ్రత్త. చూడవలసింది మూడవ పాదంలోని ‘లోభి’ని. ఆటవెలదిలో పాదం మొదటి అక్షరానికి నాలుగవ గణం మొదటి అక్షరం సరిపోలాలి, దీన్నే యతి అంటారు. ‘లోకమెల్ల’ అని పాదం ఎత్తుకొన్నందువల్ల అక్కడ ‘లో’తో మొదలయ్యే మాట అవసరమై, వెతుకులాటలో ‘లోభి’ తగిలింది. నరకుడు అదితి కుండలాలను, వరుణుని ఛత్రాన్ని కాజేసినవాడు. క్రూరుడు, దుష్టుడు అన్న అరిగిపోయిన విశేషణాలకంటె లోభి అన్నదే అతనికి సరిగ్గా అతుకుతుంది. ఆ ఔచిత్యం కవి ముందుగా ఆలోచించి తెచ్చింది కాదు, యతి తెచ్చిపెట్టింది. పద్యం రాసేవారు తరచు ‘మాట దానంతట అదే వచ్చింది’ అనడంలో ఆంతర్యం చాలావరకు ఇదే.

కట్టుబాట్ల తరువాత చెప్పుకోవలసింది వంతుల పద్ధతి. అవధాని ఒక పృచ్ఛకునికి పద్యం మొత్తం ఒకేసారి చెప్పడు. మొదటి ఆవృత్తిలో ఒక పాదం చెప్పి తరువాతివారి దగ్గరకు వెళ్తాడు, అందరినీ చుట్టివచ్చాక రెండవ పాదం అందుకొంటాడు. నాలుగు ఆవృత్తులకు పద్యాలు పూర్తవుతాయి. చూసేవారికి ఇది ధారణకు పరీక్షగా కనబడుతుంది, పరీక్షే కూడా. కాని చిక్కుముడి మీదనే కూర్చుని ఉండిపోకుండా వదిలి వెళ్లి తిరిగి రావడంలో ఒక వెసులుబాటు ఉంది: వర్ణన చెబుతున్నంతసేపూ సమస్య మనసు అడుగున నానుతూనే ఉంటుంది. మధ్యలో అప్రస్తుత ప్రసంగం చేసేవాడు సందర్భంలేని ప్రశ్నలతో ఏకాగ్రతను చెడగొట్టాలని చూస్తాడు. అతని కొంటె ప్రశ్నకు అవధాని చమత్కారంగా బదులిచ్చి సభను నవ్వించినప్పుడు, నవ్వుతో పాటు బిగువూ సడలుతుంది. పృచ్ఛకుడు రాసుకొనేందుకు వీలుగా పాదాన్ని రెండుసార్లు నెమ్మదిగా వల్లించడమూ మర్యాద మాత్రమే కాదు, తరువాతి పాదానికి గడువు.

ఇంతకీ అప్పటికప్పుడు పద్యం ఎత్తుకొనే ధైర్యం సభలో పుట్టేది కాదు. ఉత్పలమాల నడక భ ర న భ భ ర వ అని గణాలు లెక్కపెట్టుకొంటూ ఎవరూ ఆశువు చెప్పలేరు. భారత భాగవతాల పద్యాలు వందలకొద్దీ కంఠస్థం చేయగా చేయగా ఆ నడక చెవిలో ఇంకిపోయి, మాట్లాడబోతే మాట ఆ లయలోనే బయటికి వస్తుంది. దీన్నే ధార అంటారు. ధార పట్టుబడినవానికి మొదటి మాట బాగా రాకపోతుందేమోనన్న భయం ఉండదు, లయ మాటను లాక్కొస్తుందని తెలుసు కనుక. సాధన ఫలం ప్రధానంగా ఈ నమ్మకమే.

ఈ నమ్మకం ఏ మేరకు పోతుందో దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి చూపించారు. చర్ల బ్రహ్మయ్యశాస్త్రి శిష్యులైన ఈ జంట, తిరుపతి వేంకట కవులన్న పేరుతో సంస్థానాల వెంట తిరిగి అవధానాన్ని పండితుల చావడి నుంచి జనంలోకి తెచ్చింది. తమకు సాటి కవులుంటే రమ్మని సవాలుగా మీసాలు పెంచింది. అహంకారమని తప్పుపట్టినవారు లేకపోలేదు. అయినా పద్యం చెప్పడానికి జంకనక్కరలేదన్న తెగువ ఆ మీసాలనుంచి ఎందరో కుర్రకవులకు అంటుకొంది. బందరులో వేంకటశాస్త్రి పాఠం చెప్పినవారిలో విశ్వనాథ సత్యనారాయణ, పింగళి లక్ష్మీకాంతం, కాటూరి వేంకటేశ్వరరావు ఉన్నారు. వారు పేరు తెచ్చుకొన్నది మాత్రం అవధానంలో కాదు.

అవధాన పద్యాల్లో కవిత్వం పాలు తక్కువన్న విమర్శ న్యాయమైనదే. సభ ముగిశాక వాటిలో ఎక్కువ భాగం ఎవరికీ గుర్తుండవు, గుర్తుండవలసినవీ కావు. అయితే నిలిచిపోనక్కరలేదన్న ఆ వెసులుబాటే చెప్పేవానికి రక్ష. ప్రతి పద్యమూ కలకాలం నిలవాలని పట్టుబట్టినవాడు మొదటి పాదం దగ్గరే ఆగిపోతాడు. ఆకాశవాణి సమస్యాపూరణ కార్యక్రమానికి పోస్టుకార్డులు రాసిన ఉపాధ్యాయులకూ గుమాస్తాలకూ మహాకవులమన్న భ్రమ ఉండి ఉండదు. ఎవరో ఒక పాదం ఇచ్చారు, మూడు పాదాలు రాసి పంపారు.

ఇక ఆ జంట కవుల సంగతికి వస్తే, తిరుపతిశాస్త్రి 1920లో మరణించారు. ఆ తరువాత 1950లో కన్నుమూసేవరకు వేంకటశాస్త్రి ఒక్కరే రచనలు సాగించారు, వాటినీ ఇద్దరి పేరు మీదనే ప్రకటించారు.