డబ్బా మూత తీసేది పన్నెండున్నరకు

హైదరాబాద్ ఆబిడ్స్‌లోని సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూల్ 1834 నాటిది. గన్‌ఫౌండ్రీలోని ఆల్ సెయింట్స్ 1855లో మొదలైంది. ఆ పక్కనే రోజరీ కాన్వెంట్, చాపెల్ రోడ్డులో స్టాన్లీ, చిరాగ్ అలీ లేన్‌లో లిటిల్ ఫ్లవర్. కోఠి నుంచి నాంపల్లి వైపు నడిస్తే ఏదో ఒక బడి గేటు ఎదురవుతూనే ఉంటుంది. పొద్దున ఆటోల వెనక వేలాడే సంచుల్లో పుస్తకాలతో పాటు వందల డబ్బాలు ఆ గేట్లు దాటి లోపలికి వెళతాయి. సాయంత్రం వాటిలో చాలావరకు సగం నిండే తిరిగి వస్తాయి.

తల్లుల ఫిర్యాదు ఒకటే: పెట్టింది తినడం లేదు. పిల్లల జవాబూ ఒకటే: "మమ్మీ, రేపు ఇది పెట్టకు." ఈ గొడవలో ఎవరూ పట్టించుకోనిది గడియారం. అమ్మ రుచి చూసేది పొద్దున ఏడింటికి, పొయ్యి మీద పొగలు కక్కుతుండగా. పిల్లవాడు మూత తీసేది పన్నెండున్నరకు. మధ్యలో ఐదారు గంటలు గడిచిపోయాయి. కూర చల్లారింది, చపాతీ బిరుసెక్కింది, దోసె తోలులా సాగుతోంది, కొబ్బరి చట్నీ వాసన మారింది. పైగా చుట్టూ స్నేహితులు, అవతల ఆటస్థలం. ఆరోగ్యానికి మంచిదా కాదా అన్నది ఆ పిల్లవాడి లెక్కలోకే రాదు.

చల్లారాక కూడా బాగుండే తిండి తెలంగాణకు కొత్త కాదు. సద్దుల బతుకమ్మ నాడు ఆడవాళ్లు చెరువు గట్టుకు పట్టుకెళ్లేవి అవే: చింతపండు పులిహోర, నిమ్మకాయ పులిహోర, పెరుగన్నం, కొబ్బరి సద్ది, నువ్వుల సద్ది. పొద్దున వండినవి చీకటి పడ్డాక, ఆటపాటలయ్యాక, నలుగురికీ పంచుకు తింటారు. వేడి చేసే పని లేదు, పక్కన కూర అక్కర్లేదు. బడి డబ్బాకు కావలసిన గుణాలన్నీ వాటికి ఉన్నాయి.

ఆ పులుపు రుచి కోసమే కాదు. వండిన అన్నం గంటల తరబడి బయటే ఉంటే అందులో బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా పెరగవచ్చు. అది వదిలే ఒక విషం మళ్లీ వేడి చేసినా పోదు. చింతపండు, నిమ్మరసం ఆ పెరుగుదలకు అడ్డం పడతాయి. రాత్రి మిగిలి బయటే ఉండిపోయిన అన్నాన్ని పోపు పెట్టి డబ్బాలో సర్దడం మాత్రం ఎంత చింతపండు వేసినా మంచిది కాదు. పెరుగన్నం పులిసిపోకుండా పాత ఉపాయం ఒకటుంది: మెత్తటి గోరువెచ్చని అన్నంలో పాలు కలిపి, చెంచాడు పెరుగు మాత్రమే వేయాలి. మధ్యాహ్నానికి డబ్బాలోనే తోడుకుంటుంది.

అయితే సద్దుల్లో ఒక లోటుంది. అన్నం ఎక్కువ, పప్పూ కూరగాయలూ తక్కువ. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల ప్రకారం రోజు మొత్తం కేలరీల్లో ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదు. పప్పులు, గుడ్లు, మాంసం కలిపి 14-15 శాతం ఉండాలి. మన ఇళ్లలో బియ్యం, గోధుమలే సగానికి పైగా ఆక్రమిస్తున్నాయి. అందుకని పులిహోరను మానెయ్యక్కర్లేదు. పోపులో పల్లీలు, శనగపప్పు పిడికెడు పెంచితే చాలు, తినేవాడికి అది శిక్షలా అనిపించదు. నువ్వులు, పల్లీలు, బెల్లం కావాలంటే బేగంబజార్ ఎటూ పక్కనే ఉంది.

ఇనుము సంగతి ఇంకా ముఖ్యం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో పదిమందికి ఏడుగురు రక్తహీనతతో ఉన్నారు. ఆ పిల్లలే ఇప్పుడు బడి మెట్లెక్కుతున్నారు. పప్పుల్లో, ఆకుకూరల్లో ఉండే ఇనుము ఒంటబట్టాలంటే విటమిన్ సి తోడుండాలి. పాలకూర పప్పన్నం మీద నాలుగు చుక్కల నిమ్మరసం, పక్కన రెండు జామకాయ ముక్కలు ఆ పని చేస్తాయి. నిమ్మరసం పొయ్యి దించాకే పిండాలి, వేడికి విటమిన్ సి తగ్గిపోతుంది.

ఎంత పెట్టాలన్నదానికి సర్కారు బడుల మధ్యాహ్న భోజనమే మంచి కొలత. ప్రాథమిక తరగతుల పిల్లలకు పూటకు 450 కేలరీలు, 12 గ్రాముల ప్రొటీన్. ఆరు నుంచి ఎనిమిది దాకా 700 కేలరీలు, 20 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది దాదాపు 6 గ్రాములు. ఆంధ్రప్రదేశ్ బడుల్లో 2020 జనవరి నుంచి రోజుకో వంటకం పెట్టారు. మంగళవారం పులిహోర, దాంతోపాటు టమాటా పప్పు, ఉడికించిన గుడ్డు. ఇంట్లో డబ్బా కట్టే తల్లి కళ్లు మూసుకుని అనుసరించదగ్గ జాబితా అది.

ఇక స్నేహితులు. కోఠి, సుల్తాన్ బజార్ గల్లీల్లో గుజరాతీ, మార్వాడీ, మరాఠీ, ఉర్దూ ఇళ్లు తరతరాలుగా తెలుగిళ్ల పక్కనే ఉన్నాయి. అందుకే ఈ చుట్టుపక్కల బడుల్లో ఒకే బెంచీ మీద మెంతి థేప్లా, పులిహోర, కోడిగుడ్డు ఖాగీనా కలుస్తాయి. పిండిలో పెరుగూ నూనే పడతాయి కాబట్టి థేప్లా ఐదు గంటలైనా మెత్తగానే ఉంటుంది. ఇంట్లో మెంతికూర పప్పు చూస్తే ముఖం తిప్పుకునే పిల్ల, పక్కమ్మాయి డబ్బాలోని మెంతి థేప్లా అడిగి మరీ తింటుంది. అమెరికా మనస్తత్వవేత్త లియాన్ బర్చ్ 1980లో దీన్నే పరీక్షించి చూశారు. ఒక కూరగాయ అంతగా నచ్చని చిన్నారిని, అది ఇష్టపడే పిల్లల మధ్య కొన్ని రోజులు కూర్చోబెడితే, ఆ చిన్నారి ఎంపిక కూడా మారింది. ఇచ్చిపుచ్చుకోవడాన్ని తల్లులు నష్టంగా చూడనక్కర్లేదు. ఎవరికైనా పల్లీలు, గుడ్డు లాంటివి పడవేమో ఒకసారి కనుక్కుని, రెండు ముక్కలు ఎక్కువే పెట్టడం మేలు.

కొత్త కూరగాయను నేరుగా డబ్బాలో పెట్టడం మాత్రం పొరపాటు. బర్చ్ 1982 పరిశోధనలో రెండేళ్ల పిల్లలు కొత్త పండునూ చీజ్‌నూ ఎంత ఎక్కువసార్లు రుచి చూస్తే, వాటిని అంత ఎక్కువగా ఇష్టపడ్డారు. ఆ పరిచయాలు ఇంట్లో, రాత్రి భోజనంలో, కొద్దికొద్దిగా జరగాలి. అలవాటైనదే బడికెళ్లాలి. "ఇది తింటే చాక్లెట్ ఇస్తా" అనే బేరం కూడా ఎదురు తిరుగుతుంది. 1984లో ఆమె బృందం చేసిన మరో ప్రయోగంలో బహుమతి కోసం తాగించిన పానీయం మీద పిల్లలకు ఇష్టం తగ్గింది.

డబ్బా కట్టే తీరులోనూ కొంత పనితనం ఉంది. ఆవిరి పోకముందే మూత పెడితే ఆ నీరు అన్నం మీదే పడుతుంది. ఇడ్లీకి చట్నీ బదులు నూనె, కారప్పొడి పట్టిస్తే ముక్కలు విడివిడిగా ఉంటాయి. కోడిగుడ్డు వాసనకు సిగ్గుపడే పిల్లలకు ఉడికించిన గుడ్డు కన్నా ఉల్లిపాయలు దండిగా వేసిన ఖాగీనాను చపాతీలో చుట్టి ఇవ్వడం నయం.

ఈ ఆదివారం ఇళ్లలో ఒక పరీక్ష పెట్టుకోవచ్చు. పిల్లల డబ్బాను పొద్దున ఏడింటికే కట్టి, పన్నెండున్నరకు అమ్మానాన్నలు తినాలి. వేడి చేయకూడదు, పచ్చడి కలుపుకోకూడదు. అప్పుడు నచ్చనిదేదో సోమవారం డబ్బాలోకి వెళ్లకూడదు. బడి యాజమాన్యాలకూ ఒక విన్నపం: చేతులు కడుక్కునే వరుసనూ ఆటనూ అందులో కలపకుండా, తినడానికంటూ విడిగా పూర్తి అరగంట ఇవ్వండి.