చీర ఎవరిది?

పాత ఫోటోల మీద తెలుగులో ఇప్పుడు చాలా వ్యాసాలు వస్తున్నాయి. ఎక్కువ వాటిల్లో ట్రంకు పెట్టె తెరుచుకుంటుంది, కలరా ఉండల వాసన వస్తుంది, రాసినవాళ్ళ కళ్ళు చెమరుస్తాయి. వ్యాసం అక్కడితో అయిపోతుంది. ఆ తడిని నేను తక్కువ చేయను. కానీ ఒక ఆత్మకథ చదివితే ఎవరు చెప్తున్నారు, ఎవర్ని వదిలేశారు, ఎవరి కోసం చెప్తున్నారు అని అడుగుతాం కదా. ఫోటోల దగ్గర ఆ ప్రశ్నలు ఎందుకు అడగం? ఆల్బం కూడా ఒక రచనే. దాన్నీ ఎవరో ఒకరు ఎడిట్ చేసే ఉంటారు.

ఈ మాట అనడానికి నాకు ఆధారం ఇప్పుడు సర్దుతున్న 1,200 ఫోటోలు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, ఈ మూడు ఊళ్ళలోని మూడు ఇళ్ళవి. మూడూ ఒకే రైలు దారి మీద ఉన్నాయి, మా ఇంట్లో పెళ్ళిళ్ళు కూడా ఆ దారి దాటి పోలేదు. హిందూపురం చింతపండు మండీలో గుమాస్తాగా చేసిన తాత, పెనుకొండలో బడిపంతులు చిన్నతాత, ధర్మవరంలో మగ్గాల ఇంటికి కోడలుగా పోయిన మేనత్త. హిందూపురం ఫోటోల్లో కొన్నిటి వెనక స్టూడియో ముద్ర కన్నడంలో ఉంది. బెంగళూరు వంద కిలోమీటర్లే మరి. చిరునామాల్లో అనంతపురం జిల్లా అని ఉంటుంది, 2022 ఏప్రిల్ నుంచి ఈ ఊళ్ళు శ్రీసత్యసాయి జిల్లాలోవి. జిల్లా పేరు మార్చి రాయాలా అని మా వాట్సాప్ గ్రూపులో రెండు రోజులు చర్చ నడిచింది. వెనక ఉన్నది ఉన్నట్టే ఉంచాం, కొత్త పేరు పక్కన చేర్చాం.

సర్దడం అనగానే అందరికీ తోచేది తేదీల వరుస. దానికి వస్తువే కొంత సాయం చేస్తుంది. అంచులు రంపపు పళ్ళలా కోసిన బ్లాక్ అండ్ వైట్ ప్రింట్లు ముందువి. అగ్ఫా క్లిక్ 3 లాంటి డబ్బా కెమెరాల్లో 120 ఫిల్ముతో తీసిన చదరపు ఫోటోలు ఆ తర్వాతవి. నీలం, పచ్చ పోయి ఎర్రబారిన కలర్ ఫోటోలు ఎక్కువగా 80ల నాటివి. జిగురు పేజీ మీద ప్లాస్టిక్ కాగితం కప్పే ఆల్బంలూ అప్పటివే. వాటిని లాగితే ఫోటో చిరుగుతుంది, కాబట్టి ముందు పేజీ మొత్తాన్నీ ఫోటో తీసుకోవాలి. కొత్తగా రాసేదేదైనా వెనక మెత్తటి పెన్సిల్‌తోనే రాయాలి, పెన్ను ఒత్తితే అచ్చు ముందువైపుకి దిగుతుంది.

ఆర్కైవుల్లో పనిచేసేవాళ్ళకి ఇంకో నియమం ఉంది. దొరికిన వరుసను చెడగొట్టకూడదు. అది ఎందుకో మేనత్త ఆల్బం చూశాక అర్థమైంది. తన పెళ్ళి ఫోటో పక్కన, ఇరవై ఏళ్ళ తర్వాత తీయించిన కూతురి పూలజడ ఫోటో అంటించిందామె. మన స్టూడియోల్లో అందరికీ తెలిసిన భంగిమే అది: అమ్మాయి ముఖం మనవైపు, జడ వెనకున్న అద్దంలో. రెండు ఫోటోల్లోనూ చేతికి అదే వంకీ. తేదీల ప్రకారం పేరిస్తే ఈ రెండూ పది పేజీల దూరం అవుతాయి. వంకీ తల్లి చేతినుంచి కూతురి చేతికి వచ్చిన సంగతి ఆ పక్కపక్కన పెట్టడంలోనే ఉంది, ఇంకెక్కడా రాసిలేదు.

ఆ ఆల్బంలోనే మేనత్త ఒంటరిగా నిలబడిన ఫోటో ఒకటుంది. వెనక తెర మీద మేడ, మెట్లు. ఒంటి మీద పెద్దంచు పట్టుచీర. ధర్మవరం మగ్గాల ఇల్లు కదా, పట్టుచీరకి కొదవేముంది అని మా తరం అంతా అనుకుంటూ వచ్చింది. ఆమెనే అడిగితే నవ్వింది.

"అది మన చీర కాదు పాపా. మగ్గం మీంచి దించిండేది. మర్నాడు సావుకారికి ఇయ్యాల్సి ఉన్నింది. ఒక్క గంటే అన్నాడు మీ మామ. నలగకుండా కట్టుకోని, ఫోటో దిగి, అట్లే మడిచి పెట్టేసినా."

పట్టు సావుకారిది, జరీ సావుకారిది, నేసేవాళ్ళకి కూలి. ఈ లెక్క ఫోటోలో ఎక్కడుంది?

రోలాఁ బార్త్ 1980లో ఫోటోగ్రఫీ మీద రాసిన పుస్తకంలో, ఫోటో ఒక్కదానికే సాక్ష్యం పలుకుతుందంటాడు: ఎదుట ఉన్నది నిజంగా ఒకప్పుడు ఉంది. చనిపోయిన తల్లి పాత ఫోటోల్లో ఆమెను వెతుక్కుంటూ రాసిన పుస్తకం అది. ఆమె ఐదేళ్ళప్పటి ఫోటో దగ్గర ఆ వెతుకులాట ఆగుతుంది, ఆ ఫోటోని మాత్రం పుస్తకంలో వేయలేదు. ఆయన మాట మేనత్త ఫోటోకి సగమే సరిపోతుంది. చీర ఉంది, ఆమె ఉంది, ఆమెకి చీర లేదు. ఉండటానికి ఫోటో సాక్షి, సొంతానికి కాదు. మధ్యప్రదేశ్‌లోని నాగ్‌దా స్టూడియోలను చదివిన క్రిస్టఫర్ పిన్నీ, జనం అక్కడికి తమలాగే కనిపించడానికి మాత్రమే పోరు, ఇంకోలా కావడానికీ పోతారని చూపించాడు. అది మేనత్తకి దగ్గరగా ఉంది. అయితే ఆ 'ఇంకోలా' అనేది ఆమె రోజూ మగ్గం దగ్గర చేసే పనిలోంచే వచ్చింది. తమ ఇంట్లో నేసిన చీరని ఆమె ఒక గంట కట్టుకుంది. దాన్ని అబద్ధం అనడానికి నాకు నోరు రాదు.

మా తమ్ముడొకడు ఈ ఫోటోని ఒక యాప్‌లో వేసి రంగులద్దించాడు. చీర నీలం అయింది. ముఖం నున్నగా అయింది. గ్రూపులో హృదయాలు కురిశాయి. మేనత్త చూసి, "ఇదెవరు?" అంది. చీర కనకాంబరం రంగట, అంచు ఆకుపచ్చట. నలభై ఏళ్ళకి పైగా ఆమెకి గుర్తున్నది ఆ రంగే. యాప్ పాత ఫోటోని బాగుచేయదు, తనకి తెలిసిన సగటు చీరని తెచ్చి కప్పుతుంది. ముచ్చటకి చేసుకోండి, తప్పులేదు. ఆ ఫైలుని అసలు ఫోటో ఫోల్డర్లో మాత్రం పెట్టకండి.

ఇక అసలు పేచీ, ఎవరో తెలియనివాళ్ళ ఫోటోల మీద. మూడు వందలకి పైనే ఉన్నాయి. స్కాన్ కూడా దండగ, పారేద్దాం అన్నవాళ్ళే ఎక్కువ. నేను ఒప్పుకోలేదు. హిందూపురం పక్కనే లేపాక్షి ఉంది. విజయనగర కాలంలో ఆ గుడి కట్టించిన విరుపణ్ణ, వీరణ్ణ తమని, తమ పరివారాన్ని పైకప్పు మీద బొమ్మలుగా వేయించుకున్నారు. అన్నదమ్ముల పేర్లు మనకి తెలుసు, వెనక నిలబడ్డవాళ్ళవి తెలియవు. అయినా వాళ్ళ కుళ్ళాయిలు, చీరల అంచులు చూసే ఆ కాలం ఎలా కట్టుకుందో చెప్పుకుంటున్నాం. పేరు లేనంత మాత్రాన బొమ్మ మూగది కాదు. మా తెలియని కట్టలో పెళ్ళిచూపుల కోసం పంపిన అమ్మాయిల ఫోటోలున్నాయి, సంబంధం కుదరక తిరిగి వెళ్ళనివి. మగ్గం గుంటలో కూర్చున్న కుర్రాడున్నాడు, ఎవరి పిల్లాడో. వీళ్ళని పారేస్తే మిగిలేది పెళ్ళికొడుకులు, పెద్దమనుషులు.

ఆల్బంలో కనిపించనివీ ఉన్నాయి. అనంతపురం అంటే మన సాహిత్యంలో కరువు. ఈ 1,200లో ఎండిన చెరువు ఒక్కటీ లేదు. కరువుని ఎవరూ స్టూడియోకి తీసుకుపోరు. పెనుకొండ కట్టలో మాత్రం వరసగా ఆరేడేళ్ళు ఒక్క ఫోటో కూడా లేదు. కారణం డబ్బా, చావా, శుభకార్యం లేకపోవడమా అన్నది ఖాళీని చూసి చెప్పలేం, బతికున్నవాళ్ళని అడగాలి.

2010లో అనూషా యాదవ్ మొదలుపెట్టిన ఇండియన్ మెమరీ ప్రాజెక్ట్ 1991కి ముందటి ఇంటి ఫోటోలని వాటి కథలతో సహా ఆన్‌లైన్‌లో పెడుతోంది. మంచి పని. అయితే అక్కడ కథ ఇంగ్లీషులో నడుస్తుంది. మేనత్త చెప్పిన ఐదు వాక్యాల్లోని "ఇయ్యాల్సి ఉన్నింది" అక్కడికి చేరేసరికి ఏమవుతుందో ఊహించొచ్చు. ఫోటోని స్కానర్ మీద పెట్టే ముందు ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేయమని నేను చెప్పేది అందుకే. స్కాన్ వచ్చే ఏడాది చేసినా ఫోటో అలాగే ఉంటుంది. మేనత్తకి ఎనభై రెండేళ్ళు.