అద్దీ అద్దనట్టు

టోక్యోలో మొదటిసారి అసలైన సుషీ దుకాణంలో కూర్చున్నప్పుడు నేను సోయా సాస్ గిన్నె కోసం అటూ ఇటూ వెతికాను. ఎనిమిది కుర్చీల చిన్న దుకాణం అది. ఎదురుగా నున్నగా చిత్రిక పట్టిన హినోకి చెక్క బల్ల, దాని వెనక పెద్దాయన. ఆయన చేప ముక్కను అన్నం ముద్ద మీద అదిమి, పక్కనున్న గిన్నెలో చిన్న బ్రష్ ముంచి, చేప మీద ఒక్కసారి గీసి నా ముందు పెట్టారు. గిన్నె ఏదని సైగ చేశాను. "కోనోమామా" అన్నారు. ఉన్నదున్నట్టుగా తినమని.

నాది గుంటూరు నాలుక. నంజుకోవడం అంటే నాకు తెలిసిన అర్థం వేరు. గోంగూరైనా కొరివికారమైనా ముద్దతో సమానంగా కలబడాలి, వీలైతే ముద్దను ఓడించాలి. ఒక్క బ్రష్ గీతతో సరిపెట్టడం పిసినారితనం అనిపించింది. నోట్లో పెట్టుకున్నాక తెలిసింది, అందులో ఉప్పు కంటే చేప తీపి ముందు తగిలిందని. ఆ గిన్నెలో ఉన్నది సీసాలోంచి వంపిన సోయా సాస్ కాదు. దాని పేరు నికిరి. పాత టోక్యో తరహా సుషీ దుకాణాలు దీన్ని ఎవరికి వారే కాచుకుంటాయి. పాళ్లు అడిగితే నవ్వి ఊరుకుంటారు.

సోయా సాస్‌ని ఎందుకు కాచాలి? జపాన్‌లో రోజువారీ వాడే కోయికుచి రకంలో ఉప్పు 16 శాతం పైచిలుకు. ఉడికించిన సోయా, వేయించి నలగ్గొట్టిన గోధుమ కలిపి, వాటి మీద కోజి అనే బూజు పెంచి, ఉప్పునీళ్లలో నెలల తరబడి పులియబెట్టి పిండితే వచ్చే రసం అది. పులిసేటప్పుడు ఆల్కహాల్ పుడుతుంది, ఆమ్లాలు పుడతాయి, రకరకాల సువాసనలు పుడతాయి. శాస్త్రజ్ఞులు ఇప్పటికి మూడు వందల దాకా లెక్కపెట్టారు. గ్రిల్ మీద కాలే మాంసానికి ఈ ఘాటు అందం. పచ్చి చేపకు మాత్రం మోటు. పైగా సుషీ అన్నంలో అప్పటికే వెనిగర్, ఉప్పు ఉంటాయి, చేప కింద వసాబి ఉంటుంది. ముగ్గురు మాట్లాడుకుంటున్న గదిలోకి నాలుగోవాడు తలుపు తన్నుకుని వచ్చినట్టుంటుంది పచ్చి సోయా సాస్. ఇంట్లో సుషీకి రసాలు కాచుకునే విద్యంతా ఈ నాలుగోవాడికి మర్యాద నేర్పడమే.

చేపకు ముందే రుచి పట్టించి పెట్టే ఈ పద్ధతి ఎదో నగరంలో పుట్టింది. ఇప్పటి టోక్యోకి అది పాత పేరు. చేత్తో ఒత్తే సుషీకి 1820ల నాటి హనాయా యోహే పేరు చెబుతారు. ఐసు లేని రోజులు కాబట్టి చేపను అలాగే పెట్టేవారు కాదు. ట్యూనాను సోయా సాస్‌లో ఊరేసేవారు, కొన్నింటికి ఉప్పూ వెనిగరూ పట్టించేవారు, అనాగో అనే సముద్రపు మలుగుచేపను ఉడికించేవారు. చాలా రకాలు చేతికి అందేసరికే రుచి పట్టి ఉండేవి. సోయా సాస్ కూడా మొదట్లో పశ్చిమాన కన్సాయ్ నుంచి ఓడల్లో వచ్చే ఖరీదైన సరుకు. తర్వాత ఎదోకి దగ్గరగా నోదా, చోషి ఊళ్లలో తయారీ పుంజుకుని, నదుల మీదుగా పీపాలు నగరానికి చేరాయి. సుషీ దుకాణాల పరిభాషలో సోయా సాస్‌ని ఇప్పటికీ మురాసాకి అంటారు, ఊదారంగు అని. తెల్ల గిన్నెలో పల్చగా పోసి వెలుతురుకి పట్టి చూడండి, ఎందుకన్నారో తెలుస్తుంది.

నికిరికి నా కొలత ఇది: 200 మిల్లీలీటర్ల సోయా సాస్‌కి మిరిన్ 40, సాకే 40. సాకే అంటే బియ్యం మద్యం, మిరిన్ అంటే బియ్యంతోనే చేసే తియ్యటి మద్యం. సుమారు 14 శాతం ఆల్కహాల్ ఉండే అసలు మిరినే కావాలి. దాని పక్కనే చవగ్గా అమ్మే "మిరిన్ లాంటిది" చక్కెర పాకానికి ఎక్కువ, మిరిన్‌కి తక్కువ. ముందు మిరిన్, సాకే రెండే గిన్నెలో పోసి మరిగించాలి. ఆల్కహాల్ 78 డిగ్రీలకే ఆవిరవుతుంది కాబట్టి మొదటి పొంగుకే ముక్కు పుటాలు మండే ఆవిరి వస్తుంది. మంట తగ్గించి ఉంచితే ఆ మంట పుట్టించే వాసన పోయి, తియ్యటి అన్నం వాసన మిగులుతుంది. గడియారం కంటే ముక్కునే నమ్మాలిక్కడ. అప్పుడు సోయా సాస్ పోసి, సన్న సెగ మీద గిన్నె అంచు చుట్టూ ముత్యాల్లాంటి బుడగలు కట్టగానే దించేయాలి. కుతకుతా ఉడికిస్తే సువాసనలన్నీ వంటింటి పాలై, రసంలో ఉప్పే మిగులుతుంది. వేడి మీదే బొటనవేలంత కొంబు, అంటే ఎండిన సముద్రపు నాచు, వేసి చల్లారనిచ్చి తీసేస్తాను. మర్నాటికి బాగుంటుంది, వారానికి ఇంకా బాగుంటుంది.

మొదటిసారి ఇది చేసినప్పుడు గిన్నె కొంచెం వంచాను. పొయ్యి మంట ఆవిరిని అందుకుని గిన్నె నిండా నీలం మంట లేచింది. పైన ఎగ్జాస్ట్ ఫ్యాన్ దాన్ని లాక్కుంటుంటే కాళ్లు చచ్చుబడ్డాయి. చేతికందిన మూత పెడితే ఆరిపోయింది. అదృష్టం, కనుబొమ్మల దాకా రాలేదు. అప్పటినుంచీ మూత పక్కన పెట్టుకోకుండా మిరిన్ సీసా తెరవను. దుకాణాల్లో కొందరు కావాలనే ఆ మంట అంటిస్తారు. వాళ్లకు చెల్లుతుంది.

ఇదే రసంలో పొయ్యి కట్టేసే ముందు గుప్పెడు కాత్సుఓబుషి వేస్తే తోసాజోయు అవుతుంది. కాత్సుఓబుషి కోసం బోనిటో చేపను ఉడికించి, పొగబెట్టి, ఎండబెట్టి, మేలురకానికైతే బూజు కూడా పట్టించి, చెక్కముక్కంత గట్టిగా తయారుచేసి, చిత్రికతో పొరలుగా తీస్తారు. బోనిటోకి పేరుమోసిన తోసా ప్రాంతం, ఇప్పటి కోచి, పేరు మీదుగా ఆ రసానికి పేరు. ఇందులో ఒక రసాయన రహస్యం ఉంది. 1908లో ఇకెదా కికునాయె కొంబు నుంచి గ్లుటమేట్‌ని విడదీసి ఆ రుచికి ఉమామి అని పేరుపెట్టారు. 1913లో ఆయన శిష్యుడు కొదామా షింతారో కాత్సుఓబుషిలో ఇనోసినేట్ ఉందని కనిపెట్టారు. ఈ రెండూ కలిస్తే రుచి కూడిక కాదు, గుణకారం. సోయా సాస్‌లో ఉన్నది గ్లుటమేట్. అందుకే గుప్పెడు చేప పొరలు పడేసరికి ఉప్పు రవ్వంత పెరక్కుండానే రసం నోరంతా పరుచుకుంటుంది. తోసాజోయు చేశాక సోయా సాస్ ఎంత తక్కువ అద్దుకుంటున్నానో చూసి నాకే ఆశ్చర్యం వేసింది.

శాకాహారులకు దారి లేదా అంటే, ఉంది. ఎండు షిటాకే పుట్టగొడుగుల్లో గ్వనిలేట్ ఉంటుంది, అది కూడా గ్లుటమేట్‌తో అలాగే జోడీ కడుతుందని 1957 ప్రాంతాల్లో కునినాకా అకిరా తేల్చారు. కొంబు, షిటాకే రాత్రంతా నానబెట్టిన నీళ్లు కలిపి నికిరి కాస్తే దోసకాయ చుట్టకీ, వేయించిన టోఫూ సంచిలో అన్నం కూరిన ఇనారికీ ఏ లోటూ రాదు. మా ఫ్లాట్‌కి వచ్చే తెలుగువాళ్లలో సగం మందికి నేను పెట్టేది ఇదే. ఒక్కమాట, మన ఫ్రైడ్ రైస్ బండి మీద ఉండే చిక్కటి నల్ల సోయా సాస్ దీనికి పనికిరాదు. అది పెనం మీద మంటతో కుస్తీ పట్టడానికి పుట్టింది.

నాకు అన్నింటికంటే ఇష్టమైనది ఇరిజాకే. సోయా సాస్ సామాన్యుల ఇంట్లోకి రాకముందు పచ్చి చేపకు తోడు ఇదే. 1643లో అచ్చయిన 'ర్యోరి మోనోగతారి' అనే వంటల పుస్తకంలో దీని తయారీ ఉంది. పాత సాకే, ఉమెబోషి, కాత్సుఓబుషి కలిపి సగానికి సగం మరగకాచి వడకట్టడమే. చవకైన సోయా సాస్ వచ్చాక దీన్ని జనం మెల్లగా మరిచిపోయారు. ఈమధ్య మళ్లీ సీసాల్లో కనిపిస్తోంది గానీ, ఇంట్లో కాచినదానికి సాటి రాదు.

360 మిల్లీలీటర్ల సాకే, పెద్దవి రెండు ఉమెబోషి. ఇది ఉప్పులో ఊరేసి ఎండబెట్టిన పండు, మన ఊరగాయకు దూరపు చుట్టం. ఉప్పూ పండూ తప్ప ఇంకేమీ లేని పాతకాలపు రకం కావాలి. తేనె కలిపిన మెత్తటి రకం వేస్తే రసం పానకమవుతుంది. పండుని వేళ్లతో చిదిమి, గింజతో సహా వేసి, సన్న సెగన పెడితే మొదట గదంతా సారా వాసన. కాసేపటికి అది పోయి పుల్లటి ఆవిరి మొదలవుతుంది. సగమయ్యాక కాత్సుఓబుషి వేసి, రెండు నిమిషాలుంచి, పల్చటి గుడ్డలో వడకట్టాలి. లేత తేనె రంగులో, చింతపండు తేటలా ఉంటుంది. ఉప్పు ఉంటుంది గానీ కొట్టదు. పులుపు పంటికి తగలకుండా నాలుక పక్కలకు జారుతుంది. తాయ్, హిరామె లాంటి తెల్లచేపల మీద ఇది పడితే వాటికంటూ ఒక రుచి ఉందని అప్పుడు తెలుస్తుంది. సోయా సాస్‌లో ముంచినన్నాళ్లూ తాయ్ అంటే నాకు రుచీపచీ లేని రబ్బరు ముక్క. తప్పు చేపది కాదు. అయితే ట్యూనా, బంగడా లాంటి బలమైన చేపల దగ్గర ఇరిజాకే తేలిపోతుంది, అక్కడికి నికిరే వెళ్లాలి.

ఉడికించిన అనాగో మీద నల్లగా మెరిసే రసం చూసే ఉంటారు. అది త్సుమె. అనాగో ఉడికిన నీళ్లనే పారబోయకుండా సోయా సాస్, మిరిన్, పంచదార చేర్చి చిక్కబడేదాకా మరిగిస్తారు. పాత కుండలో కొత్త రసం చేరుస్తూ ఏళ్ల తరబడి నడిపే దుకాణాలున్నాయి. ఇంట్లో అంత భాగోతం అక్కర్లేదు. సోయా సాస్, మిరిన్ సమానంగా, కాస్త పంచదార, ఏదైనా చేప ఉడికిన నీళ్లు పోసి మూడో వంతుకు మరిగిస్తే చాలు. పాకం పట్టడం తెలిసిన తెలుగింటి ఆడవాళ్లకు ఇది నేర్పక్కర్లేదు. తీగపాకం దాకా ఆగారో, చల్లారాక రాయి. వేడి మీద ఇంకా పల్చగా ఉందే అనిపిస్తున్నప్పుడే దించాలి. పచ్చి చేప జోలికి మాత్రం దీన్ని తీసుకెళ్లొద్దు.

పోన్‌జు గురించి ఎక్కువ చెప్పను. యుజు, సుదాచి లాంటి పుల్లటి నిమ్మజాతి రసం, సోయా సాస్, కాస్త మిరిన్, కొంబు కలిపి ఫ్రిజ్‌లో వారం మరచిపోతే అదే తయారవుతుంది. పేరులోని మొదటి సగం డచ్చివాళ్ల మాట నుంచి వచ్చింది. మయొనైజ్‌లో కారం కలిపి గీతలు గీసేది సముద్రం అవతల అమెరికాలో ఎదిగిన వేరే సంప్రదాయం. హైదరాబాద్‌లో సుషీ అంటే చాలామందికి అదే. వేయించిన రొయ్య చుట్టలకు బాగానే ఉంటుంది. దానితో నాకు పేచీ లేదు, దాని కింద చేప ఏదో కనుక్కోమంటేనే కష్టం.

రసం ఎంత బాగా కాచినా అద్దుకోవడం రాకపోతే దండగే. గిన్నెలో రసం అడుగు తడిసేంతే ఉండాలి. సుషీని వేళ్లతో పక్కకు వంచి, చేప అంచు మాత్రం తాకించాలి. అన్నాన్ని ముంచితే స్పాంజిలా పీల్చుకుని విడిపోతుంది, మెతుకులు గిన్నెలో ఈదుతాయి. నాచు గోడ కట్టి పైన చేపగుడ్లు పోసిన గుంకన్‌ని వంచితే గుడ్లన్నీ కిందపడతాయి కదా, దానికో కిటుకుంది. గారి అనే, వెనిగర్‌లో ఊరిన అల్లం పొరను రసంలో ముంచి దాన్నే బ్రష్‌లా పైన రాయాలి. పక్క బల్ల మీది ముసలాయన అలా రాస్తుంటే చూసి నేర్చుకున్నాను. వసాబిని సోయా సాస్‌లో కలిపి ముద్ద చేయడం నేనూ ఏళ్లపాటు చేశాను. వసాబి కొమ్ముని సొరచేప చర్మం అతికించిన పలక మీద అరగదీసినప్పుడే ఆ ఘాటు పుడుతుంది, నిమిషాల్లో ఎగిరిపోవడం మొదలవుతుంది. దాన్ని రసంలో కరిగిస్తే ఘాటూ పోతుంది, రసమూ బురదవుతుంది. చేప మీద చిటికెడు పెట్టి, రసం వేరే వైపు అద్దుకుంటే రెండూ దక్కుతాయి.

కిందటి వేసవిలో మా అత్తయ్య భీమవరం నుంచి వచ్చి మూడు నెలలున్నారు. పచ్చి చేప అనగానే మొహం తిప్పుకున్నారు, నేనూ బలవంతపెట్టలేదు. ఒకరోజు ఇరిజాకే వడకడుతుంటే పక్కకు వచ్చి నిలబడ్డారు. గుడ్డలో మిగిలిన పిప్పిని వాసన చూసి, "ఎండుచేపేగా ఇది? పారేస్తున్నావేంటమ్మాయ్?" అన్నారు. జపాన్‌వాళ్లు కూడా పారేయరు, అన్నంలో కలుపుకుంటారని చెప్పాను. గింజలు ఏరేసి, ఆ పిప్పిలో రెండు పచ్చిమిరపకాయలు నూరి కలిపి, వేడన్నం పెట్టుకుని కూర్చున్నారు. సీసాలోకి వంపిన రసం వంక ఒకసారి చూసి, "నీ తేట నువ్వు తీసుకో" అన్నారు.