చిలీ దేశపు చిన్న వడ్రంగిపిట్ట – మారిన పేర్లపై ఒక విమర్శ

దక్షిణ అమెరికా పడమటి అంచున, ఆండీస్ పర్వతాలకూ పసిఫిక్ మహాసముద్రానికీ నడుమ పొడుగ్గా, సన్నగా సాగిన దేశం చిలీ. అక్కడి అడవుల్లోనూ, పండ్లతోటల్లోనూ, ఊళ్ళ పక్కని చెట్లమీదా ఒక చిన్న వడ్రంగిపిట్ట కనిపిస్తుంది. ఆండీస్ దాటి అర్జెంటీనా పడమటి భాగంలోనూ, అక్కడికి దూరంగా బొలీవియాలోనూ కూడ ఇది ఉన్నది. మన తోటల్లో కొబ్బరిమాను పట్టుకొని ఎగబాకే బంగారువీపు వడ్రంగిపిట్టతో పోలిస్తే ఇది దానిలో సగం మాత్రమే. ముక్కు కొసనుంచి తోక కొసవరకు 15, 16 సెంటీమీటర్లు. బరువు 40 గ్రాములలోపు. వీపు నలుపు, దానిమీద తెల్లని అడ్డచారలు. రొమ్ము తెలుపు, దానిమీద నల్లని నిలువు గీతలు. మగపిట్టకు మెడవెనుక ఎర్రని మచ్చ ఉంటుంది, ఆడదానికి ఉండదు.

చిలీ ప్రజలు దీనిని స్పానిష్ భాషలో 'కార్పింతెరీతో' అంటారు. అనగా చిన్న వడ్రంగి. శాస్త్రనామంలోని రెండవ మాట 'లిగ్నేరియస్'. లాటిన్ భాషలో దానికీ కొయ్యపనివాడనే అర్థం. చెట్టును తొలిచే పిట్టను చూచి వడ్రంగి గుర్తుకు రావడానికి తెలుగువాడు చిలీ వెళ్ళనక్కరలేదు, చిలీవాడు ఇక్కడికి రానక్కరలేదు.

ఈ రెండవ మాట 1782 నుంచి నేటిదాకా చెక్కు చెదరలేదు. మొదటి మాట, అనగా ప్రజాతి పేరు, అలా కాదు. పైకస్, డ్రయోబేటిస్, డెండ్రోకోపస్, పికాయిడిస్, వెనీలియోర్నిస్, మళ్ళీ డ్రయోబేటిస్ – ఒక్క పిట్టకు ఇన్ని ఇంటిపేర్లు! శాస్త్రజ్ఞులకు పనిలేక పేర్లు మారుస్తారని విద్యార్థులు విసుక్కుంటే వారిని తప్పుపట్టలేము. అయితే ఈ మార్పులన్నీ ఒక రకం కావు. కొన్ని నిజమైన జ్ఞానంవల్ల వచ్చినవి. కొన్ని కేవలం కట్టుబాటు మారినందువల్ల వచ్చినవి. ఈ తేడా చెప్పకుండ పేర్లు మాత్రమే వల్లెవేయించడంవల్లనే వర్గీకరణ పాఠం ఎండుకట్టెలాగా తయారయింది.

మొదటి పేరు పెట్టినవాడు హువాన్ ఇగ్నాసియో మొలీనా. ఆయన చిలీలోనే పుట్టిన జెసూట్ మతగురువు. 1767 లో స్పెయిన్ రాజు తన రాజ్యాలన్నిటినుంచీ జెసూట్లను వెళ్ళగొట్టినప్పుడు మొలీనా ఇటలీ చేరి, బొలోన్యా నగరంలో స్థిరపడి, 1782 లో తన దేశపు ప్రకృతి చరిత్రను ఇటాలియన్ భాషలో ప్రకటించాడు. అందులో ఈ పిట్టను పైకస్ ప్రజాతిలో పెట్టాడు. ఆనాడు అందులో విశేషమేమీ లేదు. లిన్నేయస్ నేర్పిన పద్ధతిలో వడ్రంగిపిట్ట అంటే పైకసే. ఒకే బుట్టలో అన్నీ.

బుట్ట నిండిన తర్వాత విడదీయడం మొదలయింది. విడదీయడానికి పట్టుకొన్న ఆనవాళ్ళు రెండు: కాలివేళ్ళు, ఈకల రంగు.

వేళ్ళ సంగతి ముందు చూద్దాం. సాధారణంగా వడ్రంగిపిట్టకు కాలికి నాలుగు వేళ్ళు – రెండు ముందుకు, రెండు వెనుకకు. ఉత్తరదేశాల చలి అడవుల్లో కొన్నిటికి వెనుకవేళ్ళలో ఒకటి లోపించి మూడే ఉంటాయి. ఈ మూడువేళ్ళ పిట్టకోసం 1799 లో లాసెపేద్ 'పికాయిడిస్' అనే ప్రజాతిని కల్పించాడు. నలుపు తెలుపు చారలుగల నాలుగువేళ్ళ పిట్టలకు 1816 లో కోఖ్ 'డెండ్రోకోపస్' అనీ, 1826 లో బోయి 'డ్రయోబేటిస్' అనీ పేర్లు పెట్టారు. 1951 లో డెలకూర్ అనే పక్షిశాస్త్రజ్ఞుడు, వేళ్ళ సంఖ్యనుబట్టి ప్రజాతులను విడదీయడం తగదని వాదించాడు. ఆ వాదం సరియైనదే. దానికి సాక్ష్యం మన దేశంలోనే ఉన్నది. మన బంగారువీపు వడ్రంగిపిట్టకు నాలుగు వేళ్ళు. పడమటి కనుమల్లో కనిపించే దాని దగ్గరి చుట్టానికి మూడే. రెండూ డైనోపియం ప్రజాతివే. ఒక వేలు పోయినంతమాత్రాన వంశం మారదు.

ఈ మాటను లెస్టర్ షార్ట్ ఇంకా ముందుకు తీసికొనిపోయాడు. 1982 లో వెలువడిన 'ప్రపంచపు వడ్రంగిపిట్టలు' అనే అర్థంగల ఆయన గ్రంథం ఈ కుటుంబంపై అంతకుముందెన్నడూ లేనంత విపులమైనది. పిట్టల అరుపులు, నడత, గూళ్ళు, ఈకలు – అన్నీ ఆయన పరిశీలించాడు. డెండ్రోకోపస్‌ను పికాయిడిస్‌లో కలిపివేశాడు; రెంటిలో పికాయిడిస్ పాత పేరు కనుక నియమం ప్రకారం అదే నిలిచింది. అలా మన నాలుగువేళ్ళ చిలీ పిట్ట మూడువేళ్ళ పిట్టల ఇంటిపేరు మోసింది. ఆ తరువాత సుమారు పాతికేళ్ళపాటు పెక్కు జాబితాలు అదే వ్రాశాయి.

షార్ట్ గ్రంథాన్ని తేలికగా తీసిపారవేసే అలవాటు ఈమధ్య కొందరిలో కనిపిస్తున్నది. అది న్యాయం కాదు. వేళ్ళ ఆనవాలు నమ్మదగింది కాదన్న ఆయన మాట నేటికీ నిలిచే ఉన్నది. లోపం ఎక్కడంటే, ఒక ఆనవాలును కాదన్న తర్వాత మిగిలిన రెండవదాన్ని, అనగా నలుపు తెలుపు చారలను, అంత గట్టిగా శంకించలేదు. చారలున్నవన్నీ ఒక గూటికి చేర్చాడు. వాటిలో యూరప్, ఆసియా, ఉత్తర అమెరికా పిట్టలతోపాటు దక్షిణ అమెరికానుంచి రెండు చిన్నపిట్టలు: మన లిగ్నేరియస్, దాని తోబుట్టువు వంటి 'మిక్స్టస్'. అదే ఖండంలో వెనీలియోర్నిస్ అనే మరొక ప్రజాతి ఉన్నది. 1854 లో బొనపార్ట్ – నెపోలియన్ తమ్ముని కుమారుడు – పెట్టిన పేరది. ఆ పిట్టలూ ఇంచుమించు ఇంతే. కాని వాటి వీపు నలుపు కాదు; పాచిరంగు ఆకుపచ్చ, దానిమీద పసుపో, ఎరుపో పూసినట్లుంటుంది. చారలున్నది ఒక ఇల్లు, పాచిరంగుది మరొక ఇల్లు. చూడడానికి ఎంతో సబబుగా ఉన్న ఏర్పాటు.

2006 లో మూర్, వైబెల్, ఏజియస్ అనే ముగ్గురు అమెరికన్ శాస్త్రజ్ఞులు వెనీలియోర్నిస్ పిట్టల మైటోకాండ్రియా డి. ఎన్. ఏ. ను పరిశీలించి ఒక వ్యాసం ప్రకటించారు. దాంతో ఈ సబబైన ఏర్పాటు కూలిపోయింది.

డి. ఎన్. ఏ. తో చుట్టరికం ఎలా తెలుస్తుందో మన తాళపత్ర గ్రంథాల పోలికతో చెప్పవచ్చు. ఒక కావ్యానికి పది ప్రతులు దొరికాయి. ఏ ప్రతిని చూచి ఏది వ్రాశారో తేల్చాలి. పరిష్కర్త అట్టల రంగు చూడడు, వ్రాతలోని తప్పులను చూస్తాడు. ఒకే చోట ఒకే విధమైన తప్పు నాలుగు ప్రతుల్లో ఉంటే, ఆ నాలుగూ ఒక మాతృకనుంచి వచ్చాయని ఊహిస్తాడు. ఇట్టి తప్పులు పది, ఇరవై చోట్ల కలిస్తే ఊహ నమ్మకమవుతుంది. డి. ఎన్. ఏ. లో నాలుగు అక్షరాలే గాని, తరతరాలకూ నకలు వ్రాయబడుతూ అప్పుడప్పుడు మార్పులు చేరుతుంటాయి. ఏ పిట్టలు ఏ మార్పులను ఉమ్మడిగా కలిగియున్నవో చూస్తే వంశవృక్షం బయటపడుతుంది.

అలా గీచిన వృక్షంలో లిగ్నేరియస్, మిక్స్టస్ రెండూ పాచిరంగు వెనీలియోర్నిస్ పిట్టల నడుమకు వచ్చి కూర్చున్నాయి. అంతకన్న తమాషా మరొకటి. మెక్సికోనుంచి అర్జెంటీనాదాకా ఉండే పొగరంగు వడ్రంగిపిట్ట, 'ఫ్యూమిగేటస్', అంతవరకు వెనీలియోర్నిస్‌లో ఉండేది. గోధుమరంగులో, చారలు లేకుండ ఉండే ఆ పిట్ట ఉత్తర అమెరికా నలుపు తెలుపు పిట్టలకు దగ్గరి చుట్టమని తేలింది. చారలున్నవి లోపలికి వచ్చాయి, చారలు లేనిది బయటికి పోయింది. పొరపాటు ఒకవైపే జరిగియుంటే యాదృచ్ఛికమనుకోవచ్చు. రెండువైపులా జరిగిందంటే, నమ్ముకొన్న ఆనవాలే చెడ్డదన్నమాట.

రంగు ఇంత సులభంగా ఎందుకు మోసగిస్తుంది? ఈకలలోని నలుపు, గోధుమ వర్ణాలు మెలనిన్ అనే పదార్థంవల్ల వస్తాయి. దాన్ని పిట్ట శరీరమే తయారుచేసికొంటుంది. వడ్రంగిపిట్టల్లో పసుపూ, ఎరుపూ కెరొటినాయిడ్లవల్ల వస్తాయి. అవి ఆహారంలో దొరకాలి. రెండూ ఒకే ఈకలో కలిస్తే పాచిరంగు పుట్టవచ్చు. కెరొటినాయిడ్ వీపు ఈకలకు చేరకపోయినా, మెలనిన్ పడే తీరు మారినా, పాచిరంగు వీపు నలుపు తెలుపుగా మారడానికి పెద్ద తిరుగుబాటు అక్కరలేదు. కుంచె మారనక్కరలేదు, రంగుగిన్నె మారితే చాలును. ఎముకల కట్టులోనో, నాలుక నిర్మాణంలోనో మార్పు ఇంత చవుకగా రాదు. వేరువేరు వంశాలు ఇలా ఒకే రూపానికి రావడాన్ని అభిసారి పరిణామం అంటారు. ఉత్తర అమెరికాలో 'డౌనీ', 'హెయిరీ' అనే రెండు వడ్రంగిపిట్టలున్నాయి. రెండవది మొదటిదానికి రెట్టింపు కన్న ఎక్కువ బరువు. ఆ సంగతి విడిస్తే ఒకదాని ఫొటో చూపి రెండవదని నమ్మించవచ్చు. ఇవి కూడ పరస్పరం అత్యంత సమీప బంధువులు కావని 2005 లో వైబెల్, మూర్ చూపారు.

ఇక 2006 నాటి పనిని కూడ విమర్శకుని కంటితో చూడాలి గదా. మైటోకాండ్రియా తల్లినుంచి మాత్రమే సంతానానికి వస్తుంది. ఎప్పుడో రెండు జాతులు సంకరమై ఒకదాని మైటోకాండ్రియా రెండవదానిలో నిలిచిపోతే, వృక్షం తల్లి కథ చెబుతుందేగాని జాతి కథ చెప్పదు. ఆ ఒక్క సాక్షి మాటమీద తీర్పు ఇవ్వకూడదు. ఈ శంక ఆ శాస్త్రజ్ఞులకే ముందు కలిగింది. 2002 లోనే వైబెల్, మూర్ కణకేంద్రంలోని ఒక జన్యుభాగాన్ని తీసికొని ఈ పిట్టల మైటోకాండ్రియా వృక్షాన్ని పరీక్షించారు. రెండూ చాలవరకు ఏకీభవించాయి. 2015 లో ఫుక్స్, పాన్స్ అనేక జన్యువులతో నలుపు తెలుపు పిట్టల సమూహాన్నంతటినీ తిరిగి పరిశీలించారు. లిగ్నేరియస్ వెనీలియోర్నిస్ గుంపులోదే అన్న మాట నిలబడింది. పికాయిడిస్‌నుంచి దాన్ని తీసివేయడం కేవలం అభిప్రాయం కాదు; సాక్ష్యంమీద జరిగిన దిద్దుబాటు.

దీని తర్వాతి మార్పు మాత్రం వేరు రకం. వెనీలియోర్నిస్ గుంపుకూ, డ్రయోబేటిస్ గుంపుకూ దగ్గరి సంబంధం ఉన్నదని అందరూ ఒప్పుకొన్నారు. యూరప్ చిన్నచుక్కల వడ్రంగిపిట్ట, అమెరికా డౌనీ మొదలైనవి డ్రయోబేటిస్‌వి. వీటినీ, హెయిరీ గుంపునూ, వెనీలియోర్నిస్‌నూ ఒకే ప్రజాతిగా లెక్కించాలా, మూడుగానా? కొన్ని జాబితాలు కలిపివేశాయి. 1826 నాటి పేరు 1854 నాటి పేరుకన్న పాతది కనుక, అట్టి జాబితాల్లో మన పిట్ట 'డ్రయోబేటిస్ లిగ్నేరియస్'. మరికొన్ని జాబితాలు విడిగా ఉంచాయి. వాటిలో 'వెనీలియోర్నిస్ లిగ్నేరియస్'. వంశవృక్షం ఇద్దరికీ ఒకటే. కొమ్మను ఏ కణుపు దగ్గర పట్టుకొని పేరు కట్టాలన్నదే తగాదా. ఒక ప్రజాతి ఒకే పూర్వీకుని సంతానమంతటినీ కలిగియుండాలన్న నియమాన్ని ఇద్దరూ పాటిస్తున్నారు. ఎంత పెద్ద కుటుంబాన్ని ఒక ఇల్లు అనాలో ఆ నియమం చెప్పదు.

నా మటుకు నాకు విడిగా ఉంచడమే మేలనిపిస్తుంది. దక్షిణ అమెరికాలో విస్తరించిన ఒక చిన్న శాఖ, అందులో రెండు పిట్టలు పాచిరంగు విడిచి నలుపు తెలుపు తొడిగాయి – ఈ కథంతా వెనీలియోర్నిస్ అన్న ఒక్క మాటలో సూచనగా ఉన్నది. పెద్ద డ్రయోబేటిస్‌లో కలిపితే అది కనిపించదు. కలిపినవారికీ తమ యుక్తి ఉన్నది: వారి బుట్ట పెద్దదైనా శుద్ధమైనది.

ఇరవయ్యో శతాబ్దం మొదటి భాగంలో అమెరికా గ్రంథాల్లో నలుపు తెలుపు పిట్టలకు డ్రయోబేటిస్ అన్న పేరే వాడుకలో ఉండేది. ఇప్పుడు అదే పేరు మళ్ళీ చూచి 'చివరకు పాతవాళ్ళే గెలిచారు' అనేవారున్నారు. అది పొరపాటు. ఆనాడు చారలున్నందుకు ఆ పేరు. ఈనాడు ఆ పేరు కిందనే చారలులేని పాచిరంగు పిట్టలు, పొగరంగు పిట్ట కూడ ఉన్నాయి.

మన పాఠశాలలకు చిలీ పిట్ట దూరమే. కాని మన తెలుగు ప్రాంతాల పొడి అడవుల్లోనూ, తోపుల్లోనూ తిరిగే పసుపుతల నలుపు తెలుపు వడ్రంగిపిట్టదీ ఇదే కథ. లాథం 1801 లో పెట్టిన 'మరాఠెన్సిస్' అన్న జాతినామం నిలిచింది. ప్రజాతి మాత్రం పెక్కు పుస్తకాల్లో డెండ్రోకోపస్, ఇప్పటి జాబితాల్లో లియోపికస్. గ్రంథాలయంలోని పాత పుస్తకం చూచి వ్రాసిన విద్యార్థికి సున్న వేసి, కొత్త పుస్తకం చూచి వ్రాసినవానికి పూర్తి మార్కులు వేయడం న్యాయమా? పాత పేరు వ్రాసినవానిని ఆ పేరు ఏ ఆనవాలుమీద నిలిచిందో అడగండి. కొత్త పేరు వ్రాసినవానిని అది దేన్ని కాదన్నదో అడగండి. చెప్పలేకపోతే ఇద్దరికీ సగం మార్కులే.

తరగతిలో చూపదగిన చిన్న సంగతి ఇంకొకటి ఉన్నది. జంతునామాల నియమాల ప్రకారం, జాతికి మొదట పేరు పెట్టినవాని పేరును, సంవత్సరాన్ని శాస్త్రనామం చివర వ్రాస్తారు. ఆ జాతి ఇప్పుడు ఆయన పెట్టిన ప్రజాతిలో లేకపోతే ఆ పేరునూ, సంవత్సరాన్నీ కుండలీకరణంలో ఉంచుతారు. వెనీలియోర్నిస్ అన్న జాబితాలోనైనా, డ్రయోబేటిస్ అన్న జాబితాలోనైనా మన పిట్ట పేరు చివర (మొలీనా, 1782) అని కుండలీకరణంతోనే ఉంటుంది. ఆయన దాన్ని పెట్టినది పైకస్‌లో గదా.