జనాదరణ, గ్రంథపాతం: ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ కథనంలో జాతుల ఎంపిక, విడిచిన కథలు

వ్యాససంగ్రహం:
బహుజన ఆన్‌లైన్ క్రీడలలో పాత్రధారులు ఎంచుకునే జాతులకు, ఆ జాతుల గురించి క్రీడ చెప్పే కథకు మధ్య ఉన్న వైరుధ్యాన్ని ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. నిర్మాతలు మధ్యలో విడిచిన, తొలగించిన కథాంశాలను కూడా పాఠంలో భాగంగానే చదవాలని, అందుకు పాఠపరిష్కరణ శాస్త్రం ఉపకరిస్తుందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఆన్‌లైన్ క్రీడ, జాతి, క్వెస్ట్, పాఠభేదం, ప్రక్షిప్తం, గ్రంథపాతం.

1. ప్రవేశిక

ఆన్‌లైన్ క్రీడను సాహిత్య విమర్శకు విషయంగా స్వీకరించడం మన తెలుగు శాఖలలో ఇప్పటికీ అరుదే. ఎక్కడైనా ప్రస్తావన వస్తే అది సాధారణంగా రెండు రకాలుగా ఉంటుంది. యువత కాలాన్ని హరించే వ్యసనం అని మొదటిది. నవల, చలనచిత్రాల వరుసలో చేరిన మరొక కథారూపం అని రెండవది. మొదటి దానిలో పఠనమే లేదు. రెండవ దానిలో పఠనం ఉంది గానీ, చదువుతున్న వస్తువు నిలకడగా ఉంటుందన్న భ్రమ కూడా ఉంది. నవల అచ్చయ్యాక మారదు. ఈ క్రీడలు మాత్రం విడుదలైన తరువాతే మారడం మొదలుపెడతాయి. ఎవరి కోసం మారుతున్నాయి, మారినప్పుడు పాత కథ ఏమవుతున్నది అన్నవి ఈ వ్యాసంలోని ప్రశ్నలు.

అమెరికాకు చెందిన బ్లిజార్డ్ ఎంటర్‌టైన్‌మెంట్ సంస్థ ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ను 2004 నవంబరులో విడుదల చేసింది. 2010 అక్టోబరులో తమ చందాదారులు 1 కోటి 20 లక్షలు దాటారని ఆ సంస్థ ప్రకటించింది. క్రీడలో ప్రవేశించే వ్యక్తి ముందుగా అలయన్స్, హోర్డ్ అనే రెండు పక్షాలలో ఒకదానిని, ఆ పక్షంలో ఒక జాతిని, ఆ జాతికి అనుమతి ఉన్న ఒక వృత్తిని ఎంచుకోవాలి. తొలి ప్రతిలో ఎనిమిది జాతులు ఉండేవి. అలయన్స్‌లో మానవులు, డ్వార్ఫ్‌లు, నైట్ ఎల్ఫ్‌లు, నోమ్‌లు. హోర్డ్‌లో ఓర్క్‌లు, టారెన్‌లు, ట్రోల్‌లు, అన్‌డెడ్‌లు. ఆ తరువాత పాత్రధారి చేపట్టే ప్రతి పనినీ క్వెస్ట్ అంటారు. ఒక్కో క్వెస్ట్‌కు నాలుగైదు వాక్యాల పాఠం ఉంటుంది. కథ ప్రధానంగా ఈ చిన్న చిన్న పాఠాల గొలుసులోనే నడుస్తుంది.

2. కథలో అల్పసంఖ్యాకులు, క్రీడలో అధికసంఖ్యాకులు

తొలినాళ్లలో ఈ క్రీడను గణాంకాలతో పరిశీలించిన అమెరికా పరిశోధకులు హోర్డ్ కంటే అలయన్స్ గణనీయంగా పెద్దదని, ఎంపికలో నైట్ ఎల్ఫ్, మానవ జాతులు ముందున్నాయని గమనించారు. దీనికి కారణం వెతకడం కష్టం కాదు. కోరలు, కొమ్ములు, కుళ్లిన దేహాలు ఒకవైపు ఉన్నాయి. సౌష్ఠవమైన మానవాకృతులు మరొకవైపు ఉన్నాయి. 2007 జనవరిలో వచ్చిన ‘ది బర్నింగ్ క్రూసేడ్’ అనే విస్తరణలో హోర్డ్ పక్షానికి బ్లడ్ ఎల్ఫ్ జాతిని చేర్చడం ఈ అసమతౌల్యానికి చేసిన చికిత్స. చికిత్స ఫలించింది. అనతికాలంలోనే హోర్డ్‌లో అత్యధికులు ఎంచుకునే జాతిగా బ్లడ్ ఎల్ఫ్ నిలిచింది. విడుదలకు ముందు పురుష పాత్రల ఆకృతి మరీ సుకుమారంగా ఉందన్న అభ్యంతరాలు రావడంతో వారి భుజాలను, కండరాలను పెంచిన విషయం కూడా ఇక్కడ గమనార్హం. జనాదరణ కోసమే వచ్చిన జాతి, రాకముందే జనాభిప్రాయానికి తగినట్లు తన దేహాన్ని మార్చుకున్నది.

ఇప్పుడు కథ చెప్పేదేమిటో చూడాలి. ఆర్థస్ దండయాత్రలో ఈ ఎల్ఫ్ జాతిలో దాదాపు 90 శాతం మంది హతులయ్యారు. మిగిలిన కొద్దిమంది మృతుల స్మృతిచిహ్నంగా బ్లడ్ ఎల్ఫ్ అనే పేరు పెట్టుకున్నారు. అంటే ఇది అంతరించబోతున్న ఒక జాతి శోకగాథ. అయితే హోర్డ్ నగరాలలో ఏ వీధిలో చూసినా వీరే కనిపిస్తారు. కథాపాఠం కొరతను చెబుతున్నది, దృశ్యం సమృద్ధిని చూపిస్తున్నది. దీనిని కేవలం అసంబద్ధత అని తోసివేయడం తొందరపాటు. నవలలో పాత్రల సంఖ్యను రచయిత నిర్ణయిస్తాడు. ఇక్కడ ఒక జాతి ఉనికి సగం పాఠంలోనూ, సగం పాఠకుల ఎంపికలోనూ ఉంది. ఆ రెండింటి మధ్య ఘర్షణ ఈ ప్రక్రియకు సహజ లక్షణం.

ఈ జాతి కథలో ఉన్న అసలు ముల్లు మరొకటి. తమ మాంత్రికశక్తికి మూలమైన సన్‌వెల్ నాశనం కాగా, ఆ ఆకలిని తట్టుకోలేని బ్లడ్ ఎల్ఫ్‌లు మురూ అనే దివ్యజీవిని బంధించి, దాని నుండి పవిత్రకాంతిని పిండుకుని పాలడిన్ యోధులయ్యారు. ఆ వృత్తిని ఎంచుకున్న పాత్రధారి తన శక్తి దొంగసొత్తు అని తెలిసే దానిని వాడుకోవాలి. నా దృష్టిలో ఈ క్రీడలో నైతికంగా ఇంత ఇబ్బందికరమైన, ఇంత బలమైన కల్పన మరొకటి లేదు. 2008లో సన్‌వెల్ పునరుద్ధరణతో ఆ ఇబ్బంది ముగిసింది. దొంగిలించిన కాంతి సక్రమమైన కాంతిగా మారిపోయింది. కథాపరంగా దీనిని పాపవిమోచనం అనవచ్చు. కానీ ఎక్కువమంది ధరించే వేషానికి మచ్చ ఎక్కువ కాలం ఉండదన్న నియమం కూడా ఇందులో కనిపిస్తుంది. వారి రాజధాని సిల్వర్‌మూన్ మాత్రం 2007 నాటి రూపంలోనే ఏళ్ల తరబడి దాదాపు నిర్జనంగా ఉండిపోయింది. జనాదరణ పొందింది రూపమే గానీ ఆ జాతి చరిత్ర కాదనడానికి ఆ ఖాళీ వీధులే సాక్ష్యం.

3. ఒక జాతి కోసం మారిన పురాణం

అదే విస్తరణలో అలయన్స్‌కు డ్రెనై జాతి వచ్చింది. వీరి రాక మూలపురాణాన్నే తలకిందులు చేసింది. అంతకుముందు ‘వార్‌క్రాఫ్ట్ 3’ నాటి కథనం ప్రకారం ఎరెడార్ అనే దుష్టజాతి పాపాలను చూసి విశ్వరక్షకుడైన సార్గెరస్ మనస్సు చెదిరి పతనమయ్యాడు. కొత్త కథనంలో సార్గెరసే ముందు పతనమై, ఆ తరువాత ఎరెడార్లను చెరిచాడు. ఆ చెడుకు లొంగకుండా వేలెన్ నాయకత్వంలో పారిపోయినవారే డ్రెనైలు. కారణం కార్యమైంది, కార్యం కారణమైంది. పాఠకులు నిలదీసినప్పుడు, పాత కథనంలోని ఆ అంశాన్ని తాను మరచిపోయానని ప్రధాన కథారచయిత క్రిస్ మెట్జెన్ బహిరంగంగానే అంగీకరించాడు. ఇది అభినందించవలసిన నిజాయితీ. అయితే విమర్శకు ముఖ్యమైనది వేరే ఉంది. రచయిత మరచిపోయిన పాఠం పాఠకులకు గుర్తుంది. ఈ లోకంలో పాఠసంరక్షకులు ఎవరన్న ప్రశ్నకు సమాధానం అక్కడే దొరుకుతుంది.

జాతుల ఎంపిక అమాయకమైన అభిరుచి మాత్రమే కాదన్న సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. టారెన్ల చిత్రణలో ఉత్తర అమెరికా ఆదివాసుల చిహ్నాలు, ట్రోల్‌ల ఉచ్చారణలో కరీబియన్ యాస స్పష్టం. మానవజాతి పాత్రలకు ఆఫ్రికన్, ఆసియన్ ముఖలక్షణాలను ఎంచుకునే వీలు 2020లో గానీ విస్తృతంగా కలగలేదు. 2018లో అలయన్స్‌కు వాయిడ్ ఎల్ఫ్ అనే ఉపజాతిని ఇచ్చారు. కథలో వీరు సిల్వర్‌మూన్ నుండి బహిష్కృతులైన గుప్పెడు మంది పండితులు, వారి అనుచరులు. తెల్లని చర్మం, బంగారు జుట్టు గల పాతకాలపు హై ఎల్ఫ్‌లను ఏళ్లుగా కోరుతున్నవారికి నీలిఛాయ గల ఈ రూపం చాలలేదు. తరువాతి మార్పులలో ఆ చర్మఛాయలు, ఆ జుట్టు రంగులు కూడా వచ్చాయి. కోరికలన్నీ ఒకే దిశలో ఎందుకు సాగుతున్నాయన్నది ప్రత్యేక పరిశోధనకు తగిన అంశం.

4. విడిచిన కథలు

తొలగించిన కథాంశాల విషయంలో రెండు ఉదాహరణలు ముఖ్యమైనవి.

మొదటిది ‘ది మిస్సింగ్ డిప్లొమాట్’ అనే క్వెస్ట్‌ల గొలుసు. మానవుల రాజధాని స్టార్మ్‌విండ్‌లో ఒక బాలుడు సింహాసనం మీద ఉంటాడు. తండ్రి అయిన రాజు జాడ లేదు. ‘దౌత్యవేత్త’ అదృశ్యమయ్యాడన్న పేరుతో మొదలయ్యే అన్వేషణ పదికి పైగా అంచెలలో సాగుతుంది. గూఢచారిగా పనిచేసి ఇప్పుడు జున్ను అమ్ముకునే ఎలింగ్ ట్రయాస్ సలహాతో పాత్రధారి ఓడరేవులు దాటి, థెరమోర్ ద్వీపంలో జైనా ప్రౌడ్‌మూర్ ముందు నిలుస్తాడు. పోయినవాడు రాజేనని అప్పటికి అర్థమవుతుంది. ఆమె విచారిస్తానని చెబుతుంది. కథ అక్కడే ఆగిపోతుంది. ఆ రాజు వేరియన్ రిన్ కథను 2007లో వాల్టర్ సైమన్సన్ రచనగా వెలువడటం మొదలైన కామిక్ పుస్తకాలలో చెప్పారు. 2008 నాటికి రాజు సింహాసనం మీద కనిపించాడు. ఊరూరా వెతికిన పాత్రధారికి ఆ పునరాగమనంలో భాగం లేదు. మానవజాతిని ఎంచుకున్న అసంఖ్యాకుల సొంత కథ వేరొక మాధ్యమంలో, వేరొక వెలకు ముగిసింది.

రెండవది యాష్‌బ్రింగర్ అనే ఖడ్గం. తొలి సంవత్సరాలలో ఈ పేరు పాత్రల సంభాషణలలో వినిపించేది. దత్తాంశంలో కూడా ఆ పేరుతో ఒక ఆయుధం ఉండేది. కానీ దానిని పొందే మార్గం లేదు. 2006లో నక్స్‌రమాస్ అనే స్థలంలో దాని కలుషిత రూపం లభించింది. దానిని ధరించి స్కార్లెట్ మొనాస్టరీలో ప్రవేశిస్తే శత్రుసైనికులు ఎదిరించకుండా మోకరిల్లుతారు. ఖడ్గానికి పూర్వం యజమాని అయిన తండ్రి ప్రేతాత్మ వచ్చి, తనను వంచించిన కొడుకును చంపుతుంది. ఎక్కడా ప్రకటించని, ఏ క్వెస్ట్‌లోనూ చెప్పని సన్నివేశం ఇది. దీనిని చూసినవారు ఖడ్గాన్ని శుద్ధిచేసే మార్గం కూడా ఉండి తీరాలని నమ్మి సంవత్సరాల తరబడి వెతికారు. ఆ మార్గం పాత్రధారులకు దొరకలేదు. 2008లో టిరియన్ ఫోర్డ్రింగ్ అనే పాత్ర చేతిలో ఖడ్గం కథాపరంగా శుద్ధమైంది. 2016లో వచ్చిన ‘లీజియన్’ విస్తరణలో ఒక శాఖకు చెందిన పాలడిన్‌లందరికీ దానిని పంచిపెట్టారు. లోకంలో ఒక్కటే అయిన ఖడ్గం ఒకే వీధిలో ఇరవైమంది వీపుల మీద మెరిసింది. దొరకనంత కాలం దానికి ఉన్న గౌరవం దొరికాక నిలవలేదని నా అభిప్రాయం.

5. పాఠపరిష్కరణ దృష్టి

తెలుగు పరిశోధకునికి ఈ పరిస్థితి పూర్తిగా కొత్తది కాదు. వ్రాతప్రతులలో పద్యం జారిపోయిన చోట పరిష్కర్తలు గ్రంథపాతమని గుర్తించి ఆ ఖాళీని ఖాళీగానే చూపుతారు. నన్నయ విడిచిన అరణ్యపర్వశేషాన్ని ఎఱ్ఱన పూరించి, దానిని రాజరాజనరేంద్రునికే అంకితంగా నడిపాడు. వేమన పేరు ఎంత ప్రచారంలోకి వస్తే ఆ మకుటంతో అన్యుల పద్యాలు అంతగా చేరాయి. 1829లో బ్రౌన్ వేమన పద్యాలను అచ్చువేయించే నాటికే ప్రతికీ ప్రతికీ పొంతన లేని స్థితి ఉంది. జనాదరణ పాఠాన్ని పెంచుతుందని మనకు ముందే తెలుసు. బ్లడ్ ఎల్ఫ్‌ల విషయంలో జరిగిన దానిని ఈ దృష్టితో చూస్తే ప్రక్షిప్తం అన్న మాట నింద కాకుండా వర్ణన అవుతుంది.

అయితే ఈ పోలిక ఒక చోట తెగిపోతుంది. తాళపత్రాన్ని చెదలు తింటాయి, లేఖకుడు పొరపడతాడు. ఆ నష్టానికి యజమాని లేడు. ఇక్కడ పాఠాన్ని తొలగించేది దాని యజమానే. పైగా అతడు తొలగించినప్పుడు అన్ని ప్రతులూ ఒకే రోజున మారిపోతాయి. 2010లో ‘కాటక్లిజం’ అనే విస్తరణ పాత ప్రపంచ పటాన్నే తిరగరాసి, వందలాది క్వెస్ట్‌లను రద్దు చేసింది. పాత పాఠాన్ని కొందరు ఔత్సాహికులు అనధికారికంగా నడిపించారు. వాటిలో ప్రసిద్ధమైన నోస్టాల్రియస్ సంస్థ నుండి వచ్చిన న్యాయపరమైన ఒత్తిడి వల్ల 2016 ఏప్రిల్‌లో మూతపడింది. ఆ తరువాత వచ్చిన విజ్ఞాపనపై రెండు లక్షలకు పైగా సంతకాలు చేరాయి. 2019 ఆగస్టులో సంస్థే 1.12 ప్రతిని ఆధారం చేసుకుని ‘క్లాసిక్’ పేరుతో పాత ప్రపంచాన్ని తిరిగి తెరిచింది. ప్రాచీన ప్రతిని పునరుద్ధరించమని పాఠకులు ఇంత పెద్ద సంఖ్యలో కోరి సాధించుకున్న సందర్భాలు అచ్చు సాహిత్యంలో ఎన్ని ఉన్నాయో ఆలోచించాలి.

కాబట్టి ఈ క్రీడల మీద వ్రాసే సిద్ధాంతవ్యాసాలలో ‘క్రీడలో ఇలా ఉంది’ అన్న వాక్యం ఒంటరిగా చెల్లదు. ఏ ప్రతిలో, ఏ సంవత్సరంలో, ఏ పక్షపు పాత్రధారికి అలా ఉందో చెప్పాలి. హోర్డ్ పాత్రధారి రాజు కోసం వెతికే గొలుసును అసలు చూడడు. అతని పాఠంలో స్టార్మ్‌విండ్ శత్రునగరం మాత్రమే. ఒకే పాఠానికి రెండు అధికారిక శాఖలు ఉన్నప్పుడు ఒక శాఖను మాత్రమే చదివి నిర్ణయాలు చేయడం, ఒక ప్రాంతపు ప్రతులతోనే పరిష్కరణ ముగించడం వంటిదే. నేను చూసిన కొన్ని పరిశోధన ప్రణాళికలలో ఈ జాగ్రత్త లేదు. మార్గదర్శకులు అడగకపోవడం దీనికి ఒక కారణం.

‘క్లాసిక్’ ప్రతిలో ఎలింగ్ ట్రయాస్ మళ్లీ జున్ను అమ్ముతున్నాడు. రాజు ఎక్కడికి పోయాడో, ఎలా తిరిగి వచ్చాడో ఇప్పటి పాత్రధారులలో చాలామందికి ముందే తెలుసు. అయినా థెరమోర్ వరకు వెళతారు. జైనా విచారిస్తానని చెప్పి వారిని పంపుతుంది. 2004లో ఆ వాక్యం కొనసాగింపుకు ఇచ్చిన మాట. 2019లో అదే వాక్యం, ఒక్క అక్షరం మారకుండా, గ్రంథపాతానికి గుర్తు.