తోలు ఎవరిది? తాపీ ఎవరిది? సోదరత్వం ఎవరిది?

పొద్దున్నే గాజువాకలోనో మద్దిలపాలెంలోనో కూడలికి వెళ్ళి చూడండి. సంచిలో తాపీ, తూకంగుండు, మూలమట్టం పెట్టుకుని మేస్త్రీలు, తట్టా పారా పట్టుకుని కూలీలు పని కోసం నిలబడి ఉంటారు. ఆ సంచిలోని పనిముట్లనే గుర్తులుగా మెడలో వేసుకుని, వాటికి నీతి అర్థాలు చెప్పుకుని, మూసిన తలుపుల వెనక 'మనమంతా సోదరులం' అనుకునే సంఘం ఒకటి ఉంది. వాళ్ళే ఫ్రీమేసన్లు. మేసన్ అంటే తాపీ మేస్త్రీయే. మరి ఆ సంఘంలో మన మేస్త్రీ ఎక్కడ? మేం అడగదలచుకున్న ప్రశ్న ఇదే.

ముందు పుట్టుక సంగతి చూద్దాం. ఈ సంఘం తన మూలాలను సొలొమోను దేవాలయం దాకా లాక్కెళ్తుంది. అది పురాణం. పెద్దకులాలకు గోత్రాలున్నట్టే దానికీ ఒక గోత్రం కావాలి కదా! చరిత్రలో కనిపించేది వేరు. చర్చిలూ కోటలూ కట్టే చోట రాతిపనివాళ్ళు పనిముట్లు దాచుకుని, ఇంత తిని, నడుం వాల్చే పాకనే లాడ్జి అన్నారు. స్కాట్లండులో 1598లో రాజుగారి కట్టడాల అధికారి విలియం షా ఈ లాడ్జీలకు నియమాలు రాశాడు. పని నేర్చుకునే కుర్రాడు ఏడేళ్ళకు తక్కువ కాకుండా నేర్చుకోవాలి. సాటి మేస్త్రీ ఒప్పుకున్న పనిని ఇంకొకడు తన్నుకుపోకూడదు. కొత్త ఊరు వెళ్ళినా 'నేను నిజమైన పనివాణ్ణి' అని తెలియజేసుకోవడానికి రహస్యపు మాట ఒకటి ఉండేది. మన రేవులో కళాసీల జట్టు ఎలాంటిదో ఇదీ దాదాపు అలాంటిదే. ఆ నీతి కూటి కోసం, కలిసి బతకడం కోసం పుట్టింది.

తర్వాత దొరలొచ్చారు. 1646లో ఎలియాస్ అష్మోల్ అనే పండితుణ్ణి ఇంగ్లండులో ఒక లాడ్జిలో చేర్చుకున్నారు. ఆయన జన్మలో రాయి చెక్కినవాడు కాదు. లండన్‌లో గ్రాండ్ లాడ్జి 1717లో పుట్టిందని సంఘం చెప్పుకుంటుంది, 1721 అని ఈమధ్య కొందరు చరిత్రకారులు వాదిస్తున్నారు. ఏదైనా అప్పటికి తాపీ దొరల చేతి అలంకారమైపోయింది. 1723లో జేమ్స్ ఆండర్సన్ రాసిన నిబంధనావళి చూడండి. మతం ఏదైనా మంచి మనిషైతే చాలన్నది అదే. సభ్యుడు పుట్టుకతో స్వతంత్రుడై ఉండాలి, బానిసలూ ఆడవాళ్ళూ పనికిరారన్నదీ అదే. బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వం రద్దయ్యాక, 1847లో గానీ 'పుట్టుకతో' అన్న షరతు ఇంగ్లండులో పోలేదు. పుట్టుకను బట్టి యోగ్యత! ఈ మాట మనకు కొత్తా?

ఇక వాళ్ళ నీతి. రసమట్టం అంటే సమానత్వం, మూలమట్టం అంటే నిజాయితీ, తూకంగుండు అంటే నిటారైన నడవడి, తాపీ అంటే మనుషుల్ని కలిపే ప్రేమ. ఎంత మంచి మాటలు! అన్నిటికన్నా గొప్ప గుర్తు మాత్రం నడుముకు కట్టుకునే తెల్లని గొర్రెపిల్ల తోలు. నిర్మలత్వానికి అది చిహ్నమట. మన దేశంలో తోలు ముట్టినవాణ్ణి ముట్టుకోలేదు. చెప్పు కుట్టి, డప్పు బిగించి, మోటబావికి తోలు బొక్కెన కుట్టిచ్చిన మాదిగను ఊరి బయట ఉంచారు. అదే తోలు లాడ్జి లోపల పెద్దమనిషి నడుం మీద పవిత్రమైపోయింది. తోలులో మైల లేదని దీనితో తేలిపోయింది. మైల అంతా మనిషికి అంటగట్టిందే.

మన దేశంలో తలుపు ఎలా తెరుచుకుందో కూడా చూడాలి. కలకత్తాలో ప్రసన్నకుమార్ దత్తు అనే హిందూ వ్యాపారి ఏళ్ళ తరబడి పోరాడితే 1872లో చేర్చుకున్నారు. హిందువులకు కులముంది, వాళ్ళు సోదరులెలా అవుతారని తెల్లవాళ్ళు అడ్డు చెప్పారు. ప్రశ్న సరైనదే, అడిగినవాడి చేతులే శుభ్రంగా లేవు. అదే 1872లో హైదరాబాదు గోషామహల్ బారాదరి ఫ్రీమేసన్ల చేతికొచ్చింది. తలుపు తెరుచుకున్నది వర్తకుడికీ, వకీలుకూ, నవాబుకూ. ఒకరు ముట్టింది ఒకరు తినని రోజుల్లో హిందువూ, ముస్లిమూ, పార్సీ, క్రైస్తవుడూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. అది చిన్న విషయం కాదు, ఒప్పుకుంటాం. కానీ ఆ బల్ల తుడిచినవాడి సంగతేంటి? అమెరికాలో 1775లోనే ప్రిన్స్ హాల్ అనే నల్లజాతి మనిషి దీక్ష తీసుకున్నాడు. తెల్లవాళ్ళ గ్రాండ్ లాడ్జీలు ఆయన సంప్రదాయాన్ని గుర్తించడం మొదలుపెట్టింది 1989లో. రెండు వందల ఏళ్ళు దాటింది! రసమట్టం పక్కనే ఉన్నా నేల మాత్రం ఎగుడుదిగుడే.

మన వైపు చూద్దాం. 1906లో హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ జగన్మిత్ర మండలి పెట్టారు. జగన్మిత్రుడంటే లోకానికి స్నేహితుడు. రహస్యపు మాట లేదు, మూసిన తలుపు లేదు. వాడల్లో హరికథలు చెప్పించి జనాన్ని పోగేశారు. 1911కల్లా అది మాన్య సంఘమైంది. తాగుడు మానండి, పసిపిల్లలకు పెళ్ళిళ్ళు చెయ్యకండి, ఆడపిల్లల్ని దేవుడి పేరున వదిలెయ్యకండి అన్నారు. బడులు పెట్టారు. 1917లో బెజవాడ సభలో పంచములమన్న పేరును వదిలి ఆది ఆంధ్రులమని నిలబడ్డారు. అక్కడ నీతి నడుముకు కట్టుకునే గుర్తు కాదు, బతుకు మార్చుకునే పని. ఆ నీతిబోధలో సంస్కారం పేరుతో పెద్దకులాల మర్యాదలను అనుకరించే పోకడ కూడా ఉందన్నది నిజమే. అయినా అది గడప బయటివాళ్ళు తమకోసం తాము కట్టుకున్న ఇల్లు.

1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో అంబేద్కర్ హెచ్చరించింది దీని గురించే. సోదరత్వం లేకపోతే స్వేచ్ఛ, సమానత్వం పైపూతలుగా మిగిలిపోతాయన్నాడు. ఆ మాటను ఫ్రెంచి విప్లవం నుంచి కాదు, బుద్ధుడి నుంచి తీసుకున్నానని 1954లో చెప్పాడు. మన పక్కనే ఉన్న తొట్లకొండ, బావికొండ ఆ సంఘం బతికిన చోట్లే. శాక్య రాజకుమారుల కన్నా ముందు మంగలి ఉపాలికి దీక్ష ఇచ్చి, రాజకుమారుల చేత అతనికి మొక్కించారని బౌద్ధ సంప్రదాయం చెబుతుంది. ఆడవాళ్ళ విషయంలో ఆ సంఘమూ వెనకాడిందని మరిచిపోకూడదు.

చివరిగా మన గురించి మనం అడుక్కోవాలి. స్టీల్‌ప్లాంటులో, పోర్టులో, యూనివర్సిటీలో మనకూ సంఘాలున్నాయి. ఏప్రిల్ 14న దండలు వేస్తాం, జై భీమ్ అని చేతులు కలుపుతాం. పర్మనెంటు ఉద్యోగి పక్కన అదే పని చేసే కాంట్రాక్టు కూలీకి అందులో కుర్చీ ఉందా? భూమి పోయినా ఉద్యోగం రాని నిర్వాసితుడికి ఉందా? పాకీపని చేసే రెల్లి అమ్మకు ఉందా? లేకపోతే మనమూ ఒక లాడ్జి కట్టుకున్నట్టే. మెడలో తాపీ లేదు, అంతే తేడా.

ఒక సంఘం నీతిని దాని ప్రమాణాల్లో వెతక్కండి. గడప దగ్గర నిలబడి, ఎవరు బయట మిగిలారో లెక్కపెట్టండి. ఆ లెక్క మన సంఘాలతోనే మొదలవ్వాలి.