గంట కొట్టేదాకా

మధ్యాహ్నం పన్నెండుకు ఇంకా పది నిమిషాలుందనగా సాలార్‌జంగ్ మ్యూజియంలో ఒక్కచోట మాత్రం జనం కుదురుగా కూర్చుంటారు. అందరి కళ్లూ ఎదురుగా ఉన్న గడియారం మీదే. అందులో ఒక పక్కన కమ్మరి బొమ్మ క్షణానికో దెబ్బ చొప్పున సుత్తితో కొడుతూనే ఉంటుంది. గంటయ్యే ముందు చిన్న తలుపు తెరుచుకుని గడ్డపు మనిషి బయటికొస్తాడు, గంటలు కొట్టి లోపలికి వెళ్లిపోతాడు. పిల్లలు ఒకటీ రెండూ అంటూ పన్నెండుదాకా లెక్కపెడతారు. కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ కంపెనీ పేరున్న గడియారం అది. ఇప్పటికీ దానిముందు కూర్చునే చోటు దొరకడం కష్టం.

ఆ తరువాత అదే జనం లేచి మిగతా గదుల్ని పరుగులాంటి నడకతో దాటేస్తారు. చుట్టాలొచ్చారు, పొద్దున చార్మినార్ అయింది, సాయంత్రం గోల్కొండ ఉంది, మ్యూజియం ఆ మధ్యలో. హైదరాబాద్‌లో చాలా ఇళ్ల ఆనవాయితీ ఇది. కానీ ఇక్కడి కళావస్తువులు 40,000కు పైమాటే. అన్నీ ప్రదర్శనలో ఉండవనుకోండి. ఉన్నా, నిమిషానికి రెండు చొప్పున చూస్తే 333 గంటలు పడుతుంది. అందుకే అన్నీ చూడాలన్న పట్టుదలను టికెట్ కౌంటర్ దగ్గరే వదిలేయడం మంచిది. గడియారం ముందు పది నిమిషాలు ఓపిక పట్టినవాళ్లు ఇంకో రెండు వస్తువుల ముందూ పట్టగలరు.

అలా ఆగి చూడదగ్గవాటిలో ఒకటి మేలిముసుగు రెబెకా. ఇటలీ శిల్పి జొవాన్ని మరియా బెంజోని చెక్కిన ఈ పాలరాతి బొమ్మను మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నాడు. మొహం మీద ముసుగు, ముసుగు వెనక కళ్లూ ముక్కూ పెదవులూ. ముందు నిలబడి ఫొటో తీసుకుంటే ముసుగు గుడ్డలాగే ఉంటుంది. పక్కకు జరిగి, తల వంచి, వెలుతురు ఎక్కడ పడుతోందో చూసుకుంటూ మెల్లగా చుట్టూ తిరిగితేనే అసలు సంగతి తెలుస్తుంది: అక్కడ ముసుగూ లేదు, దాని వెనక మొహమూ లేదు. ఉన్నది ఒకే రాయి. ఎక్కడ పలచగా కనిపించాలో అక్కడ ఉలి ఎంత లోతు దిగాలో ఆ చేతికి తెలుసు. ఆ చేతిని గుర్తుపట్టడానికి అరనిమిషం ఏ మూలకూ చాలదు.

ఇంత సంపదా పోగైంది ప్రధానంగా ఒక్క మనిషి చేతుల మీదుగా. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ 1912లో నిజాం దగ్గర దివాన్ అయ్యాడు, రెండేళ్లకే ఆ పదవి వదిలేశాడు. అక్కణ్ణుంచి 1949లో చనిపోయేదాకా కొనడమే పనిగా పెట్టుకున్నాడు. పెళ్లి చేసుకోలేదు. 1951 డిసెంబరు 16న ఆయన నివాసమైన దివాన్ దేవిడిలోనే నెహ్రూ ఈ మ్యూజియాన్ని ప్రారంభించారు. మూసీ ఒడ్డున ఉన్న ఇప్పటి భవనంలోకి 1968లో మారింది. ఒక మనిషి ముప్పై అయిదేళ్లు చూసి చూసి ఏరుకున్నవాటిని ఒక పూటలో ముగించాలనుకోవడం అన్యాయం.

పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంలో ఈ అన్యాయం ఇంకా ఎక్కువ. అక్కడ గేటు దాటగానే పిల్లలు అడిగేది "మమ్మీ ఎక్కడ?" అనే. ఈజిప్టు మమ్మీ నిజంగానే చూడదగ్గది. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ కొని తెచ్చాడు, ఏడో నిజాం మ్యూజియానికిచ్చాడు. కొన్నేళ్ల కిందట దాన్ని నైట్రోజన్ నింపిన పెట్టెలోకి మార్చారు, ఆక్సిజన్ తగిలి పాడవకుండా. అయితే మమ్మీని చూసి వెనక్కి తిరిగేవాళ్లు అజంతా చిత్రాల నకళ్లున్న గదిని వదులుకుంటున్నారు. ఈ ఊళ్లో అంతకంటే మనసుకు హత్తుకునే గది లేదనిపిస్తుంది.

అజంతా ఒకప్పుడు నిజాం రాజ్యంలోది. 1914లో ఏర్పడిన హైదరాబాద్ పురావస్తు శాఖకు గులాం యజ్దానీ అధిపతి. గుహల్లో రంగుల పొర పెచ్చులుగా రాలిపోతుంటే నిలబెట్టడానికి ఇటలీ నుంచి నిపుణుల్ని రప్పించారు. మరోపక్క సయ్యద్ అహ్మద్, జలాలుద్దీన్ లాంటి చిత్రకారులు ఆ గోడల బొమ్మల్ని నకలు తీశారు. గుహలో ఉండేది మసక వెలుతురు. ఆ వెలుతురులో చూపు నిలిపి, గీత ఎక్కడ మొదలైందో, రంగు ఎక్కడ చెదిరిందో పట్టుకుని కాగితం మీదికి దించాలి. నకలే కదా అని తేలిగ్గా తీసేయకూడదు. ఒక బొమ్మను అంతసేపు, అంత దగ్గరగా చూసినవాళ్లు ఎంతమంది ఉంటారు?

పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో వెండి బంగారు కానుకల గురించి అందరూ చెబుతారు. వాటికంటే ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ బట్టల బీరువాలు మేలు. పొడవాటి హాలుకు అటూ ఇటూ రెండంతస్తుల టేకు బీరువాలు. పైకెక్కడానికి చేత్తో నడిపే లిఫ్టు. ఆ చెక్కపని చేసిన వడ్రంగుల పేర్లు ఎక్కడా కనబడవు.

పిల్లలుంటే ఒక పూట నౌబత్ పహాడ్ మీది బిర్లా సైన్స్ మ్యూజియానికి ఉంచుకోవాలి. అక్కడ నిలబెట్టిన డైనోసార్ అస్థిపంజరం పొడవు 44 అడుగులు. దొరికింది పాత ఆదిలాబాద్ జిల్లాలోని యామన్‌పల్లి దగ్గర, కోటా రాళ్ల పొరల్లో. అందుకే దాని పేరు కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. 1988లో ఆ పేరు పెట్టింది పి. యాదగిరి. తెలుగు ఊరి పేరును మోస్తున్న జురాసిక్ కాలపు జంతువు అది. పిల్లలకు ఆ పేరును నోరారా పలకనివ్వాలి. తోక చివర్నుంచి ముక్కుదాకా అడుగులో అడుగేసి కొలవనివ్వాలి. ఆ తవ్వకాల్లో దొరికినవి ఒక్క జంతువు ఎముకలు కావు, కనీసం పన్నెండింటివి. తల మాత్రం దొరకలేదు, రెండు పళ్లు తప్ప. మరి అక్కడ కనిపిస్తున్న తల ఎక్కణ్ణుంచి వచ్చిందని పిల్లల్నే అడిగి, కాసేపు ఊరుకుంటే చాలు. వాళ్లు మళ్లీ మెడ దగ్గరికి పరుగెత్తుతారు.